చిన్నపిల్లలున్న ఇంటిని రంగులతో అందంగా ఉంచుకోవచ్చా? మా ఇంటి అనుభవం

మీ ఇంట్లో మూడేళ్ల పాప, ఏడాదిన్నర బాబు ఉన్నారని, గోడలకు మంచి రంగులు వేయించి చేనేత తెరలు, కొయ్యబొమ్మలు పెట్టుకోవాలని ఆశగా ఉందని, చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం "పిల్లలు పెద్దయ్యేదాకా ఆగండి, అప్పటిదాకా ఏం చేసినా దండగే" అంటున్నారని మీరు ఉత్తరంలో రాశారు. ఆగవద్దనే నా సలహా. మాకు ఐదేళ్ల అమ్మాయి, రెండేళ్లు దాటిన అబ్బాయి ఉన్నారు. విజయవాడలో రెండు పడకగదుల అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాము. మా ఇంటి నిండా రంగులున్నాయి, పిల్లలు ఆ ఇంట్లో ఏ ఆంక్షలూ లేకుండా తిరుగుతున్నారు. ఈ రెండూ కలిసి కుదరడానికి మేము పెట్టుకున్న నియమం ఒక్కటే: పిల్లల చెయ్యి అందే ఎత్తు వరకు గట్టివి, ముదురు రంగువి, కడగడానికో ఉతకడానికో వీలైనవి ఉండాలి, సున్నితమైనవన్నీ ఆ ఎత్తుకు పైన ఉండాలి. గోడ రంగు దగ్గర నుంచి బొమ్మల అమరిక వరకు అన్నిటినీ ఆ గీతను బట్టే నిర్ణయించుకున్నాము.

మన పల్లెటూళ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు. గోడకంతా తెల్లసున్నం వేసి, అడుగున మూరెడు ఎత్తున ఎర్రటి జాజు పట్టీ తీర్చేవారు. వాన చినుకులు చింది మట్టి అంటేదీ, వచ్చేపోయేవాళ్ల కాళ్లు తగిలేదీ అక్కడే కనుక, మరక కనబడని రంగు అక్కడే ఉండేది. ఆ ఇంటి అందం కూడా ఆ పట్టీతోనే వచ్చేది. మేము మా హాలులో అదే పద్ధతిని కొంచెం పైకి జరిపి, నేల నుంచి నాలుగు అడుగుల వరకు ముదురు రంగు, ఆ పైన మీగడ తెలుపు వేయించాము. మూడేళ్ల పిల్లల సగటు ఎత్తు 95 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. చెయ్యి పైకి చాచినా నాలుగు అడుగులు, అంటే 122 సెంటీమీటర్లు, దాటడం అరుదు. ఐదేళ్లకు ఎత్తు 110 సెంటీమీటర్లకు చేరి చెయ్యి ఇంకా పైకి అందుతుంది కానీ, మా అమ్మాయి విషయంలో ఆ వయసుకు గోడ మీద మోజు తగ్గి కాగితం మీదికి మళ్లింది.

రెండు రంగులు కలిసే చోట ఊరికే గీత గీసి వదిలేస్తే ఆఫీసు గోడలా ఉంటుందని నాకు అనిపించింది. కలంకారీ అద్దకానికి కృష్ణా జిల్లా పెడనలో టేకు చెక్క మీద చెక్కే అచ్చు ఒకటి మా ఇంట్లో ఉంది. అరచేతిలో ఇమిడే మామిడిపిందె అచ్చు అది. స్పాంజి ముక్కకు పెయింటు పట్టించి, దానిని అచ్చు మీద పలుచగా అద్ది, గీత పొడవునా వరుసగా ముద్రలు వేశాను. పెయింటు ఎక్కువైతే పిందె లోపలి సన్నని చుక్కలు పూడిపోతాయి కనుక ప్రతి ముద్రకూ ముందు ఒకసారి పాత కాగితం మీద నొక్కి, మిగిలిన తడితో గోడ మీద వేయాలి. చెక్క అచ్చు కావడం వల్ల ఒక్కో పిందె ఒక్కో తీరుగా పడింది. స్టిక్కర్లతో ఆ కళ రాదు. మా ఇంటికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఆ వరుస గురించే.

కింది భాగానికి డిస్టెంపర్ వేయించకండి. తడిగుడ్డతో తుడిస్తే మరకతో పాటు రంగు కూడా ఊడివస్తుంది. కడగడానికి వీలైన మేలురకం ఎమల్షన్‌లో కాస్త మెరుపున్న రకాన్ని అడగండి. బొత్తిగా మెరుపు లేని మ్యాట్ రకం చూడటానికి హుందాగా ఉంటుంది కానీ, పదేపదే తుడిచిన చోట నిగారింపు వచ్చి మచ్చలా కనబడుతుంది. గోడకు లప్పం సరిగ్గా పెట్టి ప్రైమర్ వేయించాకే రంగు వేయించాలి. ఈ మెట్టు దాటేస్తే ఎంత ఖరీదైన పెయింటైనా పిల్లలు గోకిన చోట పెచ్చులుగా లేస్తుంది. తడిగుడ్డ మీద చిటికెడు వంటసోడా వేసి సుతారంగా రుద్దితే క్రేయాన్ గీతలు చాలావరకు పోతాయి. స్కెచ్ పెన్నుల విషయంలో మాత్రం నీళ్లతో పోయే రకాన్నే ఇంట్లోకి రానివ్వడం మేలు.

ఏ రంగులు వేయాలన్నదానికి పెయింటు కంపెనీల కార్డుల కన్నా మన చీరల బీరువా మంచి గురువు. ఒక గద్వాల చీరను మంచం మీద పరిచి చూడండి. ఒంటి రంగు ఎక్కువ భాగం, అంచు రంగు కొంచెం, ఎక్కడో ఒకచోట జరీ మెరుపు. ఎంత విరుద్ధమైన రంగులైనా ఆ పాళ్లలో ఉన్నప్పుడు కంటికి గుచ్చుకోవు. మేము మా అమ్మగారి చీర ఒకదానిని అలాగే నమూనాగా తీసుకున్నాము. మీగడ తెలుపు ఒంటి రంగు, గోడ కింది భాగంలోనూ వంటింటి తలుపు మీదా నెమలికంఠం రంగు, దిండ్లలోనూ పూలకుండీల్లోనూ కనకాంబరం రంగు. అంతకు మించి నాలుగో రంగును హాలులోకి రానివ్వలేదు. పిల్లల ఆటవస్తువులే ఎరుపు, పసుపు, నీలం అన్నీ మోసుకొస్తాయి. గోడలూ తెరలూ కూడా అన్ని రంగులూ పలికితే ఇల్లు సంతబజారులా తయారవుతుంది. పిల్లల గది కదా అని నాలుగు గోడలకు నాలుగు రంగులు వేయించేవాళ్లను చూశాను. ఆ గదిలో పెద్దవాళ్లమే పది నిమిషాలు కుదురుగా కూర్చోలేకపోయాము.

రంగు ఖరారు చేసే ముందు గోడ మీద రెండడుగుల చదరం వేయించి, ఉదయం ఎండలోనూ రాత్రి దీపాల వెలుగులోనూ చూడండి. మన ఇళ్లలో ఎక్కువగా వాడే తెల్లటి ఎల్‌ఈడీ బల్బుల వెలుగు 6500 కెల్విన్ వరకు ఉంటుంది. వెలుగు రంగును కొలిచే లెక్క ఇది; అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలంగా, తగ్గేకొద్దీ పసుపుగా ఉంటుంది. ఆ వెలుగులో కనకాంబరం, ఇటుక ఎరుపు, పసుపు రంగులు పాలిపోయి కనబడతాయి. 3000 నుంచి 4000 కెల్విన్ల బల్బులు పెడితే అవే రంగులు ప్రాణం పోసుకుంటాయి. పడమటి గదిలో ముదురు పసుపు వేయించవద్దు. మే నెల మధ్యాహ్నం ఆ గదిలోకి అడుగుపెట్టలేరు.

పెయింటు విషయంలో అందం కన్నా ముందు చూడవలసింది సీసం. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2016 నవంబరులో ప్రకటించింది. అవి 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన పెయింట్లలో, ముఖ్యంగా కిటికీ ఊచలకు, తలుపులకు వేసిన ఎనామెల్ రకాల్లో, సీసం ఎక్కువగా ఉండే అవకాశముంది. ఆ లోహం కలిసిన రసాయనాలతోనే కాంతివంతమైన పసుపు, నారింజ రంగులను తయారు చేసేవారు కనుక, రంగులంటే ఇష్టపడే మనబోటివాళ్లకే ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది; ఇంత వరకైతే ప్రమాదం లేదని చెప్పగల హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాదిన్నర బాబు కిటికీ అంచును నోటితో కొరికే వయసులో ఉంటాడు. మీ ఇల్లు పాతదైతే, పాత పెయింటును పొడిగా గీకించకండి, ఎమరీ కాగితంతో రుద్దించకండి. ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. పిల్లలను అమ్మమ్మగారింటికి పంపి, తడిపి గీకించి, నేలను తడిగుడ్డతో బాగా తుడిపించి, వాసన పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచి, అప్పుడు పిల్లలను తెచ్చుకోండి.

గోడల తరువాత నాకు బాగా నచ్చిన భాగం బట్ట. రంగును ఇంట్లోకి తేవడానికి ఇంత చవకైన, ఇంత తేలికగా మార్చుకోగలిగిన మార్గం ఇంకొకటి లేదు. మా హాలులో మధ్యబల్ల లేదు. అద్దం పలకతో, కోసుగా ఉన్న మూలలతో ఒకటి ఉండేది, మా అమ్మాయి నడక నేర్చే రోజుల్లో తీసేశాము. ఆ స్థలంలో వరంగల్ జంపఖానా పరిచాము. అది నూలుది, రెండువైపులా వాడుకోవచ్చు, పిల్లవాడు పాలు ఒలకబోస్తే బకెట్‌లో నానబెట్టి ఉతికి దండెం మీద ఆరవేయవచ్చు. గుబురు నూలుతో మెత్తగా ఉండే తివాచీకి ఈ సుగుణం లేదు. మంచం మీద పోచంపల్లి దుప్పటి వేస్తాము. దారాలకు ముందే రంగులు అద్ది నేసే ఈ ఇకత్ నేతలో రంగుల అంచులు కొంచెం చెదిరినట్లు ఉంటాయి కాబట్టి చిన్నచిన్న మరకలు ఆ చెదురులో కలిసిపోతాయి. సోఫా కొనేటప్పుడు గుడ్డను మేకులతో బిగించిన రకం కాకుండా, కొయ్య చట్రం మీద విడి దిండ్లున్న రకం తీసుకుని, ప్రతి దిండుకూ రెండు గలీబులు కుట్టించుకోండి.

మన ఇళ్లలో అసలు శత్రువు పప్పన్నం చేతులు. పసుపు మరకకు సబ్బు పెట్టగానే అది ఎర్రబడుతుంది. క్షారం తగిలితే పసుపు రంగు అలా మారుతుంది. కంగారుపడి బ్లీచింగ్ పొడి వేయవద్దు. మామూలుగా ఉతికి తడిగా ఉండగానే ఎండలో వేస్తే, పసుపుకు రంగునిచ్చే పదార్థం వెలుతురుకు నిలవదు కనుక, మరక క్రమంగా మాయమవుతుంది. కలంకారీ వంటి సహజమైన రంగుల బట్టకు మాత్రం ఈ వైద్యం పనికిరాదు. దానిని నీడలోనే ఆరవేయాలి, ఎండ తిన్నగా పడే పడమటి కిటికీకి తెరగా వేస్తే వెలిసిపోతుంది. ఇంకొక మాట, కలంకారీ పేరుతో మార్కెట్లో దొరికేదంతా అచ్చులతో అద్దినది కాదు. స్క్రీన్ ప్రింటు బట్ట కూడా అదే పేరుతో అమ్ముతారు. పిల్లల మంచానికి అదైనా చాలు, కానీ పైన, కంటి ఎదురుగా వేలాడదీసే బట్టకు అసలైనదే కొనండి.

బొమ్మల విషయంలో మనకున్న భాగ్యం చాలామందికి లేదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్కబొమ్మలు ఇంటికి అలంకారమూ అవుతాయి, పిల్లల చేతికి ఆటవస్తువులూ అవుతాయి. లేతు యంత్రం మీద తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కకడ్డీని ఒత్తితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. ఆ మీదట మొగలిరేకుతో మెరుగుపెడతారు. అందుకే ఆ రంగు పూతలా పెచ్చులూడదు. చెట్ల నుంచి, గింజల నుంచి తీసిన రంగులను ఆ పనిలో తిరిగి నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా దక్కింది. పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేసినా, భౌగోళిక గుర్తింపు ఉన్న చేతివృత్తుల బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు కాబట్టి వీటి మీద ఆ గుర్తు కనబడకపోవచ్చు. సహజమైన రంగులేనా అని అమ్మేవారిని అడిగి తీసుకోండి. నోట్లో పట్టేంత చిన్న ముక్కలున్నవి బాబుకు ఇవ్వకండి.

కొండపల్లి బొమ్మల సంగతి వేరు. వాటిని చేసే తెల్లపొణికి చాలా తేలికైన, మెత్తని కర్ర. చేతులు, తలపాగాలు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. ఒక్కసారి కింద పడితే విరుగుతాయి. మా ఇంట్లో అవి అయిదున్నర అడుగుల ఎత్తున గోడకు బిగించిన పలక మీద ఉంటాయి. సెలవు రోజున ఒక్కొక్కటి కిందికి దించి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల చేతిలో కాసేపు పెట్టి, తిరిగి పైన పెడతాము. ఇంట్లో అందమైన వస్తువుంటే దానిని ఎలా పట్టుకోవాలో పిల్లలకు ఇంట్లోనే తెలియాలని నా నమ్మకం. మా అమ్మాయి ఇప్పుడు గంగిరెద్దు బొమ్మను రెండు చేతులతో పట్టుకుని, తమ్ముడికి దాని మెడలోని గంటలు చూపిస్తుంది.

ఆటవస్తువులన్నీ ఒకేసారి బయట ఉండనవసరం లేదు. మూడో వంతు వెదురు బుట్టల్లో కిందనే ఉంచి, మిగిలినవి అటక మీద పెట్టి, అప్పుడప్పుడు మారుస్తుంటే పిల్లలకు అవి కొత్తగా అనిపిస్తాయి, హాలూ తేటగా ఉంటుంది. వాళ్లు వేసిన బొమ్మలను పురికొస మీద క్లిప్పులతో వేలాడదీయండి. ఫ్రేము కట్టించదలచుకుంటే గాజుకు బదులు యాక్రిలిక్ పలక వేయించండి.

అలంకరణ పేరుతో వచ్చే ప్రమాదాలను కొన్ని మాటల్లో చెబుతాను. ఎత్తైన అలమరలను గోడకు ఎల్ క్లాంపులతో బిగించండి. పిల్లలు సొరుగులను మెట్లుగా చేసుకుని ఎక్కుతారు. గుండీ బ్యాటరీలతో వెలిగే దీపాలు, సీరియల్ లైట్లు వద్దేవద్దు. ఆ బిళ్ల మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది. అపార్ట్‌మెంట్లలో అందరూ పెంచే డిఫెన్‌బేకియా ఆకు నమిలితే నాలుక, గొంతు వాచిపోతాయి. మనీప్లాంట్ కూడా ఆ కోవలోదే. గన్నేరు అన్నిటికన్నా విషం. మందారం, తులసి, కరివేపాకు పెట్టుకోండి.

మీది అద్దె ఇల్లని, గోడల రంగు మార్చడానికి ఇంటివారు ఒప్పుకుంటారో లేదోనని కూడా రాశారు. ఒప్పుకోకపోతే గోడను అలాగే వదిలి, ముందు జంపఖానా, తరువాత తెరలు, ఆ తరువాత దిండు గలీబులు అన్న వరుసలో మొదలుపెట్టండి. పిల్లలు ఎక్కువగా ఆనుకునే ఒక్క గోడకు, రెండు మేకుల మీద వెదురు కర్ర వేసి, నాలుగు అడుగుల ముదురు మంగళగిరి నూలు బట్టను నేల దాకా వేలాడదీస్తే, జాజు పట్టీ చేసే పనిని అది చేస్తుంది. ఇల్లు మారినప్పుడు మడిచి వెంట తీసుకుపోవచ్చు. కర్రను పిల్లవాడు లాగినా ఊడిరాకుండా రెండు కొసలనూ మేకులకు తాడుతో గట్టిగా కట్టడం మరిచిపోకండి.