నోటు వెనక చెల్లు ఎవరు మొదలుపెట్టారు?

(చట్టం – చరిత్ర: పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: ప్రాంసరీ నోటు మీద అప్పిస్తే, మూడేళ్లు నిండకముందే నోటు వెనక చెల్లు (ఎంత సొమ్ము కట్టారో రాసి, సంతకం చేయడం) వేయించుకోవడం మా పెద్దల నాటి నుంచీ చూస్తున్నాం. ఇది ఇంగ్లీషువాళ్లు తెచ్చిన పద్ధతేనా?
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మూడేళ్ల గడువు వాళ్లది. వెనక రాసే చెల్లు మాత్రం వాళ్లకంటే చాలా ముందే మన దగ్గర ఉంది. పాత ధర్మశాస్త్ర గ్రంథం యాజ్ఞవల్క్య స్మృతిలో వ్యవహారాధ్యాయం, అంటే తగువులూ తీర్పుల భాగం, తీసి చూడండి. బాకీదారు సొమ్ము కట్టినప్పుడల్లా పత్రం వెనక రాయాలి, లేదా అప్పిచ్చినవాడు తన చేతి గుర్తుతో రసీదు ఇవ్వాలి. బాకీ పూర్తిగా తీరాక పత్రం చింపెయ్యాలి. సాక్షుల ముందు తీసుకున్నది సాక్షుల ముందే తీర్చాలి. ఇది సుమారు 1500 ఏళ్ల నాటి మాట. ఆ స్మృతికి కల్యాణి చాళుక్యుల ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు ‘మితాక్షర’ అనే వ్యాఖ్య రాశాడు. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన దాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. అప్పుల చట్టాన్ని తెలుగులో చదువుకునే వీలు అప్పుడే ఉందన్నమాట. ఇవాళ్టి దస్తావేజుల భాష చూస్తే నమ్మబుద్ధి కాదు గానీ, నిజం.

ఇంకా వెనక్కి వెళ్తే బాబిలోనియా, అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతం. అక్కడ తడి మట్టి పలక మీద ఒప్పందం రాసి, దాని చుట్టూ మట్టితోనే ఒక పొర కప్పి, అదే ఒప్పందాన్ని పై పొర మీద మళ్లీ రాసేవారు. సాక్షులు తమ ముద్రల్ని దాని మీద దొర్లించేవారు. పైన అంకె దిద్దారని తగువొస్తే న్యాయాధికారుల ముందు పై పొర పగలగొట్టి, లోపలి పలక చదివేవారు. బాకీ తీరిన రోజున పలకనే పగలగొట్టేవారు. మనవాళ్లు పత్రం చింపమన్నదీ అందుకే: తీరిన అప్పుకు కాగితం మిగిలితే అది మళ్లీ అప్పవుతుంది. ఇంగ్లండులో కర్ర మీద గాట్లు పెట్టి, నిలువునా చీల్చి చెరో ముక్క ఉంచుకునేవారు. లెక్క చూసే రోజున రెండు ముక్కల గాట్లూ కలవాలి. ప్రభుత్వ ఖజానాలో పేరుకుపోయిన అలాంటి కర్రల్ని 1834లో పొయ్యిల్లో వేసి కాలుస్తుంటే లండన్ పార్లమెంటు భవనమే తగలబడింది.

ఇక మీ నోటు సంగతి. అడిగినప్పుడు ఇచ్చే షరతు మీద రాసిన నోటుకు దావా వేసే గడువు 3 ఏళ్లు. 10-6-2022 నాటి నోటు మీద చెల్లు 10-6-2025 లోపు పడాలి, అప్పుడు చెల్లు తేదీ నుంచి కొత్తగా మరో 3 ఏళ్లు వస్తాయి. ఒక్కరోజు దాటాక పడిన చెల్లు నోటును బతికించదు. అప్పటికే కాలదోషం పట్టినట్టే. అలాంటప్పుడు బాకీ తీరుస్తానని బాకీదారు విడిగా రాసి సంతకం చేసిన కొత్త కాగితం కావాలి. చెల్లులో తేదీ, అంకెల్లోనూ అక్షరాల్లోనూ మొత్తం, అసలు కిందో వడ్డీ కిందో, అన్నీ రాయండి. రాత ఎవరిదైనా ఫర్వాలేదు, సంతకం మాత్రం డబ్బు కట్టినవారిదే ఉండాలి. అప్పిచ్చినాయన తనే రాసుకుని తనే సంతకం పెట్టుకున్న చెల్లుకు విలువ లేదు. చాలామంది మరిచేది ఇంకోటుంది: నోటు మీద ఇద్దరు సంతకం చేసి ఉంటే, ఒకరు వేసిన చెల్లు రెండోవారికి వర్తించదు. ఇద్దరి చేతా వేయించండి.

ప్రశ్న: హమ్మురాబి శాసనం అంటే ‘కంటికి కన్ను’ అని మా అబ్బాయి పాఠంలో ఉంది. అందరికీ అదే శిక్షా?
– ఓ పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: కాదమ్మా. బాబిలోనియా రాజు హమ్మురాబి శాసనంలో పై వర్గం మనిషి కన్ను పోగొడితేనే కన్ను. సామాన్యుడి కన్నయితే ఒక మినా, అంటే సుమారు అర కిలో వెండి. బానిస కన్నయితే అతని ఖరీదులో సగం, అదీ యజమానికి. ఇంతకంటే పాతదైన ఉర్-నమ్ము శాసనంలో (సుమారు క్రీ.పూ. 2100) కంటికి అర మినా వెండి జరిమానాయే ఉంది. ముందు పగ, తర్వాత జరిమానా వచ్చాయని అనుకుంటాం గానీ, దొరికిన రాతల్లో వరస తిరగబడి ఉంది. హమ్మురాబి రాతి శాసనంలో నాకు నచ్చేది అయిదో నియమం: ఇచ్చిన తీర్పును తర్వాత మార్చిన న్యాయాధికారి దావా సొమ్ముకు 12 రెట్లు కట్టి, పీఠం దిగిపోవాలి.

ప్రశ్న: మోటుపల్లి శాసనం గొప్పదంటారు. అందులో అంత ఏముంది?
– ఓ ఉపాధ్యాయుడు, చీరాల

జవాబు: గాలివానకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే, ఆ తీరం రాజు దాన్ని లాగేసుకోవడం అప్పటి ఆనవాయితీ. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో చెక్కించిన ఈ శాసనంతో దాన్ని రద్దు చేశాడు. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రం మీదకు వచ్చిన వర్తకుల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని అభయమిచ్చాడు. ఎగుమతికీ దిగుమతికీ సుంకం ముప్పైకి ఒకటి. కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, మిరియాలు, ఇలా వస్తువుల పేర్లు చెప్పి మరీ రేట్లు చెక్కించాడు. నా దృష్టిలో అసలు పట్టంతా ఇక్కడే ఉంది. రేటు రాతి మీద ఉంటే రేవు అధికారి నోటికొచ్చినంత అడగలేడు.

ఇంగ్లండులో 1275 నాటి చట్టం దీనికి పక్కన పెట్టి చూడదగ్గది. ఓడ నుంచి మనిషో, కుక్కో, పిల్లో ప్రాణంతో బయటపడితే ఆ సరుకు రాజుది కాదు. ఏడాది మీద ఒక రోజు భద్రంగా ఉంచాలి, ఈలోగా సొంతదారు వచ్చి రుజువు చూపితే ఇచ్చెయ్యాలి. పిల్లి కూడా చచ్చిపోతే వర్తకుడి గతి అంతే. గణపతిదేవుడు అలాంటి మెలిక పెట్టలేదు.

ప్రశ్న: గుంటూరులో హైకోర్టు ఉండేదట, నిజమేనా?
– ఓ విద్యార్థి, మంగళగిరి

జవాబు: నిజమే. ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు 1954 జూలైలో గుంటూరులో మొదలైంది. తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. 1956 నవంబరులో హైదరాబాదుకు తరలిపోయింది.

ప్రశ్న: మా తాతగారు కౌలుకు తీసుకున్న పొలం 40 ఏళ్లుగా మేమే చేస్తున్నాం. పన్నెండేళ్లు దాటితే మాదే అయిపోతుందంటున్నారు. ఈ రూలు ఎక్కడిది?
– ఓ రైతు, తెనాలి

జవాబు: రోమన్ల తొలి రాత చట్టమైన పన్నెండు ఫలకాల్లో (క్రీ.పూ. 450 ప్రాంతం) హక్కు రావడానికి భూమికి 2 ఏళ్లు, మిగతా వస్తువులకు ఏడాది అనుభవం చాలు. దొంగ సొత్తుకు మాత్రం ఎన్నాళ్లయినా హక్కు రాదు. యాజ్ఞవల్క్యుడు భూమికి 20 ఏళ్లు, ధనానికి 10 ఏళ్లు పెట్టాడు. అదీ కళ్లముందే పరాయివాడు అనుభవిస్తున్నా యజమాని నోరెత్తకుండా ఉంటేనే. తాకట్టు, పొలం గట్టు, దాచమని ఇచ్చిన సొమ్ము, పసివాళ్ల ఆస్తి, స్త్రీల ఆస్తి, రాజు ఆస్తి ఎన్నేళ్లయినా పోవన్నాడు.

1963 నాటి మన కాలపరిమితి చట్టంలో ప్రైవేటు భూమికి 12 ఏళ్లు, ప్రభుత్వ భూమికి 30 ఏళ్లు. మైనరుకు మేజరయ్యాక అదనపు గడువుంది. ఇలా హక్కు వచ్చినవాడు తనే దావా వేయొచ్చని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అయితే అనుభవం యజమాని అనుమతితో కాకుండా, బాహాటంగా, తెంపు లేకుండా సాగాలి. మీరు దిగిందే కౌలు మీద. కౌలు నడుస్తున్నంత కాలం ఆ 40 ఏళ్లలో ఒక్కరోజూ లెక్కకు రాదు. అది ముగిశాకే 12 ఏళ్ల లెక్క మొదలు. అడంగల్లో (ఊరి పొలాల సాగు లెక్కల పుస్తకంలో) అనుభవదారుగా మీ పేరు ఉంటే సాగు రుజువవుతుందే గానీ హక్కు రాదు. ముందు మీ తాతగారు సంతకం చేసిన కౌలు కాగితం ఎవరి దగ్గరుందో, చివరి మక్తా (కౌలు సొమ్ము) ఏ ఏడాది కట్టారో చూసుకుని వకీలు దగ్గరకు వెళ్లండి.