ఎలుకతోక చేప జాతిని ఒక్క చెవి రాయితో తేల్చవచ్చా?

మీ ప్రశ్న ఇదీ: 700 మీటర్ల లోతు నుంచి వలలో ఒక చేప వచ్చింది. తల పెద్దది, తోక దారంలా సన్నబడి ముగుస్తుంది, గడ్డం కింద చిన్న మీసం ఉంది. ఒక చెవి రాయి (చేప తలలో లోపలి చెవిలో ఉండే గట్టి రాయి) తీసి ఫొటో పెట్టారు, చేపను ఫార్మలిన్‌లో (పాడవకుండా నిలవుంచే ద్రావణం) ఉంచారు. రాయిని చూసి జాతి చెప్పగలరా అని అడిగారు.

జాతి సంగతి తర్వాత. రెండో రాయి తలలోనే ఉంటే ముందు దాన్ని ఇవాళే తీసేయండి. చెవి రాయి కాల్షియం కార్బొనేట్. ఫార్మలిన్ నిలవున్నకొద్దీ ఆమ్లగుణం పెరిగి రాయిని తినేస్తుంది. మొదట పైపొర సుద్దలా మారుతుంది, తర్వాత గాడి (రాయి లోపలి ముఖం మీద పొడవునా ఉండే పల్లం, పోల్చడానికి ముఖ్యమైన గుర్తు) చెరిగిపోతుంది. ఆమ్లగుణం తగ్గించడానికి బోరాక్స్ కలిపినా అది కొంతకాలమే ఆపగలదు. మీ ఫొటోలో అంచు అలా పాలిపోయి కనిపించడానికి కారణం ఇదే కావచ్చు, కాబట్టి ఆ అంచును లక్షణంగా లెక్కపెట్టకండి.

ఇక జవాబు: ఒక్క రాయితో కుటుంబం దాకా, చాలాసార్లు ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దాకా వెళ్లవచ్చు. ఈ గుంపులో జాతిని తేల్చేది మాత్రం ఒళ్లే. రాయి సాక్షి మాత్రమే.

మొదట ఇది నిజంగా ఎలుకతోక చేపేనా చూడండి. తోక సన్నబడే లోతుచేపలు వేరేవీ ఉన్నాయి. హాలోసార్లకు వీపు మీద ఒక్క పొట్టి రెక్కే ఉంటుంది, మీసం ఉండదు. ఎలుకతోక చేపకు వీపు మీద ముందు పొట్టిగా, ఎత్తుగా ఒక రెక్క, దాని వెనక తోక చివరిదాకా సాగే తక్కువ ఎత్తు రెక్క ఒకటి ఉంటాయి. ఆ రెండో రెక్క పుల్లలకన్నా కింది రెక్క (మలద్వారం వెనక, ఒంటి అడుగున ఉండేది) పుల్లలు పొడుగ్గా ఉండాలి. తిరగబడి ఉంటే మీ చేప బాతీగాడస్ అనే ప్రజాతి వైపు చేప.

తర్వాత మొప్పల మూత కింది పొరను పట్టి ఉంచే సన్నటి ఎముక పుల్లలు లెక్కపెట్టండి. ఆరా, ఏడా అన్నదాని మీదే సగం పని తెగిపోతుంది. ఎలుకతోక చేపల ప్రజాతుల్లో సీలోరింకస్, కోరిఫెనాయిడెస్‌లకు ఆరు. నెజుమియా, మలకోసెఫాలస్, వెంట్రిఫోసా, హైమెనోసెఫాలస్‌లకు ఏడు. తప్పు జరిగేది కూడా ఇక్కడే. గొంతు దగ్గరి పుల్ల సన్నగా, చర్మంలో కూరుకుపోయి ఉంటుంది. సూదితో పొరను బయటికి లాగి, వెనక నుంచి దీపం పెట్టి, రెండు వైపులా లెక్కపెట్టాలి.

మలద్వారం కింది రెక్క మొదలుకు ఆనుకుని ఉందా, లేక బాగా ముందుకు జరిగి పొట్ట రెక్కల మధ్య ఉందా రాసుకోండి. దాని ముందు పొలుసులు లేని నల్లటి మచ్చ కనిపిస్తే అది కాంతి అవయవం తాలూకు కిటికీ. సీలోరింకస్ జాతులను విడదీసేది ఎక్కువగా ఆ మచ్చ పొడవే. మొదటి వీపు రెక్కలోని పొడుగు ముల్లు ముందంచును గోటితో పైకీ కిందికీ రుద్దండి. రంపంలా తగిలితే నెజుమియా, లేదా చాలా కోరిఫెనాయిడెస్‌లు. నున్నగా ఉంటే సీలోరింకస్, మలకోసెఫాలస్. రెండో వీపు రెక్క మొదలు కింద, పక్కగీతకు (ఒంటి పక్కన పొడవునా సాగే గీత) పైనున్న పొలుసు ఒకటి తీసి దాని మీది చిన్న ముళ్లు ఎన్ని వరసల్లో ఉన్నాయో కూడా చూడండి.

కొలతల్లో మొత్తం పొడవును నమ్మకండి. ఈ చేపల తోక తెగి మళ్లీ పెరుగుతుంది, తెగిన గుర్తు కూడా మిగలకపోవచ్చు. తల పొడవు, ముక్కు కొస నుంచి కింది రెక్క మొదలు దాకా దూరం, ఈ రెండూ కొలవండి. పైకి లాగినప్పుడు వాయుకోశం ఉబ్బి కన్ను బయటికి పొడుచుకొస్తుంది. అందుకే కనుగుడ్డును కాకుండా కంటి గూటి ఎముక అంచులను కొలవాలి.

రెండో రాయి తీసేటప్పుడు నెత్తి కోయకండి. కుడి మొప్పల మూత ఎత్తి, మొప్పలు తప్పించి, పుర్రె అడుగున ఉబ్బెత్తుగా కనిపించే ఎముకను స్కాల్పెల్ మొనతో పగలగొట్టి, మెత్తటి పట్టకారుతో బయటికి తీయండి. చేప ఎడమవైపు ఫొటోకు చెక్కుచెదరకుండా ఉంటుంది. బయటికి వచ్చిన క్షణమే ముందు కొస ఏదో గుర్తు పెట్టుకోండి. ఈ చేపల్లో రాయి ముందు ముక్కు చాలాసార్లు స్పష్టంగా ఉండదు, తర్వాత ఊహించలేరు. గాడి మీవైపు, పైఅంచు పైకి పెట్టి చూస్తే ముందు కొస కుడికి ఉంటే అది ఎడమ రాయి. పోల్చే బొమ్మ కుడి రాయిదైతే అద్దంలోలా తిప్పి చూడాలి. ఈ ఒక్క పొరపాటుతో తప్పుదారి పట్టేవాళ్లు తక్కువేం కాదు.

పైపొర జిగురును నీళ్లతో, మెత్తటి కుంచెతో కడగండి. వెనిగర్ వద్దు. ఆరబెట్టి, పెన్సిల్‌తో రాసిన చీటీతో చిన్న సీసాలో పొడిగా ఉంచండి. నల్లటి పలక మీద, పక్క నుంచి పడే వెలుతురులో చూస్తే గాడి నీడతో సహా తేలుతుంది. నూనెలోనో గ్లిజరిన్‌లోనో ముంచితే వయసు వలయాలు బాగుంటాయి కానీ గాడి మాయమవుతుంది. గాడి ముందు అంచు దాకా తెరుచుకుందా, రెండు చివరలా మూసుకుందా, గాడిలోని ముందు గది, వెనక గది సమానమా చూడండి. రాయి పొడవును ఎత్తుతో భాగించండి: 10 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్లైతే 1.25.

బొమ్మలతో పోల్చేటప్పుడు తల పొడవు దగ్గర దగ్గరగా ఉన్న చేపల రాళ్లనే తీసుకోండి. పిల్ల చేపల రాళ్లు దగ్గరి జాతులన్నిటిలో ఒకేలా ఉంటాయి, అంచు నొక్కులు వయసుతో మారిపోతాయి. బార్సిలోనా సముద్ర విజ్ఞాన సంస్థ నడిపే అఫోరో అనే చెవి రాళ్ల నిధిలో ఫొటోలు చాలా ఉన్నాయి, కానీ కింద రాసిన చేప పొడవు చూడకుండా పోల్చితే లాభం లేదు.

డీఎన్ఏ పరీక్షకు కుడివైపు కండ ముక్క ఫార్మలిన్‌కు ముందే 95 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. ఇప్పుడు దాని మీద ఆశ పెట్టుకోకండి.

తల కింది నుంచి ఒక ఫొటో, మలద్వారం దగ్గరిది ఒకటి, వీపు ముల్లు, ఒక పొలుసు, రెండో రాయి గాడి వైపు: ఈ ఐదూ మిల్లీమీటర్ల స్కేలు పక్కన పెట్టి తీయండి. ఎముక పుల్లల లెక్క కూడా రాస్తే కనీసం ప్రజాతి పేరు చెప్పవచ్చు.