అనంతపురం ఎర్ర నేలలో తంగేడు ఎందుకు బతకడం లేదు: పాలమూరు నుంచి ఒక జవాబు

నమస్కారం. అనంతపురం శివార్లలో కొత్తగా కట్టుకున్న ఇంటి ముందు, ఎర్రటి గరప నేలలో, రోడ్డు పక్కనుంచి తంగేడు మొక్కలను రెండుసార్లు తవ్వి తెచ్చి నాటారనీ, రోజూ ఉదయం సాయంత్రం నీళ్ళు పోసినా అవి పది రోజులు తిరగకుండానే ఎండిపోయాయనీ రాశారు. బోరు నీళ్ళు ఉప్పగా ఉండటమే దీనికి కారణమా అని కూడా అడిగారు. నాకు తెలిసినంతలో తప్పు ఉప్పుది కాదు. మొక్కను తవ్వి తేవడంలోనే మొదటి పొరపాటు జరిగింది, రోజూ నీళ్ళు పోయడంతో రెండోది దానికి తోడైంది. ఈ రెండూ నేను చేసినవే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది మహబూబ్‌నగర్ పట్టణం అంచున ఉన్న ఇల్లు. అడుగు లోతు చలక, దాని కింద మొరం. మీ జిల్లా పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండటం వల్ల అక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే వాన పడుతుంది. మా దగ్గర అంతకంటే కొంచెం ఎక్కువ పడినా, రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలు ఇద్దరికీ ఒకటే. 2016లో ఇల్లు కట్టుకోగానే, బతుకమ్మ పండుగకు పువ్వు కోసం ఊరి బయటికి పోనక్కరలేదన్న ఆశతో, చెరువు కట్ట దగ్గర మోకాలెత్తు తంగేడు మొక్కలను నాలుగింటిని గడ్డపారతో తవ్వి తెచ్చాను. నాలుగూ చచ్చిపోయాయి. చచ్చిన మొక్కలను పీకి చూస్తే విషయం అర్థమైంది. పైన మోకాలెత్తు మొక్కకు కింద వేలెడు మందాన ఒక తల్లివేరు ఉంది, అది జానెడు దూరంలో నా గడ్డపార తగిలి తెగిపోయి ఉంది. పీచువేర్లు పిడికెడు కూడా లేవు. తంగేడు కరువును తట్టుకునేది ఆ తల్లివేరుతోనే. అది మొరం సందుల్లోంచి దిగి, మనకు కనబడని తేమను అందుకుంటుంది. ఆ వేరు తెగిన మొక్కకు మీరు పోసే నీళ్ళను తాగే నోరే ఉండదు, రోజూ తడిసే పాదులో మిగిలిన ముక్క కుళ్ళిపోతుంది.

మరుసటి ఏడాది తవ్వి తెచ్చే పని మానుకుని ఒక నర్సరీకి వెళ్ళి తంగేడు మొక్క కావాలని అడిగాను. వాళ్ళు ఇచ్చినదాన్ని తెచ్చి నాటితే ఏడాదిన్నరకు ప్రహరీ గోడను దాటి పోయింది. తీరా చూస్తే అది సీమ తంగేడు, రహదారుల పక్కన నీడ కోసం పెంచే చెట్టు. దాని పువ్వు కూడా పసుపు పచ్చనిదే, పేరులో కూడా తంగేడు ఉంది, కానీ మనకు కావలసిన పొద మాత్రం అది కాదు. మీకు ఈ తిప్పలు రాకుండా గుర్తు ఒకటి చెబుతాను: అసలు తంగేడులో ప్రతి ఆకు తొడిమ మొదట్లో చిన్న చెవుల్లాంటి రెండు ఆకుపచ్చ పత్రాలు ఉంటాయి, ఆకు ముదిరినా అవి రాలవు. శాస్త్రీయ నామమైన సెన్నా ఆరిక్యులేటాలోని రెండో మాటకు చెవులు గలది అనే అర్థం. సీమ తంగేడుకు ఈ చెవులు కనిపించవు. కాయను బట్టి కూడా పోల్చుకోవచ్చు. తంగేడు కాయ పలుచగా, కాగితంలా చదునుగా ఉండి, లోపల గింజ ఉన్నచోట మాత్రమే ఉబ్బి ఉంటుంది.

మూడో ప్రయత్నంగా 2018లో గింజ వేశాను. ఇప్పుడు మా పడమటి గోడ వెంట ఉన్న ఐదు పొదలూ ఆ గింజలవే. మీరు కూడా నర్సరీలు, గడ్డపారలు వదిలేసి, మొక్క ఎక్కడ పెరగాలో అక్కడే గింజ నాటండి. తంగేడు గింజకు పైపొర చాలా గట్టిగా ఉంటుంది. అడవిలో అది ఎండకు, వానకు, మట్టి రాపిడికి నెమ్మదిగా అరిగితే తప్ప నీరు లోపలికి పోదు, అందుకే ఒకే కాయలోని గింజలు ఒక్కో ఏడాది ఒక్కొక్కటిగా మొలుస్తాయి. మనకు అంత ఓపిక ఉండదు కాబట్టి ఆ పొరను మనమే మెత్తబరచాలి. నీళ్ళను మరగబెట్టి, పొయ్యి మీద నుంచి దించి, ఐదు నిమిషాలు ఆగిన తరువాత గింజలను అందులో వేసి రాత్రంతా అలాగే వదిలేయాలి. తెల్లారేసరికి ఉబ్బినవి నాటడానికి పనికొస్తాయి, ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్ది మళ్ళీ నానబెట్టాలి. గింజలను పొయ్యి మీదే పెట్టి ఉడకబెట్టకూడదు. మా ఇంట్లో ఒకసారి అలా జరిగి, పప్పు ఉడికినట్టు ఉడికాయి.

గుంత విషయంలో మీకు అలవాటైన పద్ధతిని కొంచెం మార్చుకోవాలి. మనం గులాబీకో మల్లెకో గుంత తీసి సగానికి పైగా పశువుల ఎరువు నింపుతాం. తంగేడుకు అలా చేస్తే వేరు ఆ మెత్తని ఎరువులోనే తిరుగుతూ ఉంటుంది తప్ప కిందికి దిగదు. ఒకటిన్నర అడుగు లోతు, అంతే వెడల్పు గుంత తీసి, అడుగున ఉన్న గట్టి మొరాన్ని గడ్డపారతో గుచ్చి వదులు చేసి, తీసిన మట్టినే తిరిగి నింపి, పైన రెండు దోసిళ్ళ చివికిన ఎరువు కలిపితే చాలు. మీది ఎర్ర నేల కాబట్టి నీరు నిలుస్తుందన్న బెంగ లేదు. ఈ జవాబు చదివేవాళ్ళలో నల్లరేగడి వాళ్ళుంటే మాత్రం, మొరం కలిపిన మట్టితో అడుగెత్తు దిబ్బ పోసి దాని మీద గింజ వేయాలి, లేకపోతే వానాకాలంలో వేరు కుళ్ళుతుంది. పొదకూ పొదకూ నాలుగైదు అడుగుల దూరం ఉండాలి. ఎండ రోజంతా తగిలే చోటే దానికి ఇష్టం. మా పడమటి గోడ వేసవిలో చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది, అక్కడ బంతి కూడా మాడిపోయింది కానీ తంగేడు వాడలేదు.

మృగశిర కార్తెలో మొదటి గట్టి వాన పడి, నేల జానెడు లోతు తడిసిన తరువాత గుంతకు నాలుగు గింజలు, వేలి గణుపు లోతులో వేశాను. వారం నుంచి రెండు వారాల లోపు మొలిచాయి. నెల తరువాత గుంతకు ఒక్క మొక్కను ఉంచి తక్కినవాటిని పీకకుండా కత్తిరించాను, ఎందుకంటే పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది. ఆ తరువాత చాలా కాలం మీకు నిరాశ కలుగుతుంది. ఆరు నెలలైనా మొక్క జానెడు దాటదు. మా పక్కింటి పెద్దాయన రోజూ గోడ మీదుగా చూసి, మీరు పెంచుతున్నది తంగేడా గరికా అని అడిగేవారు. ఆ ఏడాది పనంతా భూమి లోపల జరుగుతుంది. పైన ఎదగడం లేదని యూరియా వేసినా, నీళ్ళు పెంచినా చెడిపోయేది ఆ పనే.

ఇక నీళ్ళ సంగతి. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. రోజూ చెంబెడు చొప్పున పోస్తే నేల పై నాలుగంగుళాలే తడుస్తుంది, వేరు అక్కడే ఆగిపోతుంది, మీరు వారం రోజులు ఊరికి పోతే మొక్క పోతుంది. పైగా మీ బోరు నీళ్ళు ఉప్పనివని అన్నారు. కొద్ది కొద్దిగా పోసిన ఉప్పు నీళ్ళలోని నీరు ఎండకు ఆవిరైపోయి, ఉప్పు మాత్రం పై పొరలోనే పేరుకుపోతుంది. అదే నీటిని పది రోజులకొకసారి రెండు బిందెలు నిదానంగా, ఇంకిపోయేలా పోస్తే, ఉప్పు వేరు మండలం దాటి కిందికి కడుక్కుపోతుంది, వేరు కూడా తడి వెంట కిందికి దిగుతుంది. తంగేడు ఒక మోస్తరు చౌడును ఓర్చుకునే మొక్కే. చౌడు భూముల్లో దీని రొట్టను తొక్కించి నేలను బాగుచేసుకునే అలవాటు రైతులకు ఎప్పటినుంచో ఉంది. అందువల్ల ఉప్పు నీటికి భయపడి ట్యాంకరు నీళ్ళు కొనే పని పెట్టుకోవద్దు. నేను మొలిచిన మొదటి రెండు నెలలు వాన లేనప్పుడు నాలుగు రోజులకొకసారి, ఆ తరువాత పది రోజులకొకసారి పోశాను. మొదటి వేసవి అంతా పన్నెండు పదిహేను రోజులకొకసారి రెండు బిందెలు పోసి, పాదులో వేరుశనగ పొట్టు నాలుగంగుళాల మందాన పరిచాను. మీ జిల్లాలో ఆ పొట్టుకు కొదవ ఉండదు. పొట్టును కాండానికి ఆనించకుండా బెత్తెడు దూరంలో ఆపండి, ఆనిస్తే చెద పడుతుంది. రెండో వేసవిలో నెలకొకసారి పోశాను. మూడో ఏడు నుంచి ఒక్క చుక్క పోయలేదు.

పోయకపోవడం కూడా కష్టపడి నేర్చుకోవలసిన విషయమే. 2020లో మా ఇంట్లో మల్లెలకు వేసిన డ్రిప్ పైపు పొరపాటున ఆరో తంగేడు పొద పాదులోంచి వెళ్ళింది. ఆ వేసవిలో ఐదు పొదలు ఆకులు కొంత రాల్చి బోసిగా నిలబడితే, అది మాత్రం పచ్చగా, ఏపుగా, తలెత్తుకు మించి పెరిగింది. ఇంటికి వచ్చినవాళ్ళంతా దాన్నే మెచ్చుకున్నారు. సెప్టెంబరులో మిగతా ఐదూ పసుపు ముద్దలైతే దానికి కొమ్మకు నాలుగు పూలు కూడా లేవు. అక్టోబరు వానల్లో గాలికి పక్కకు ఒరిగి, వేరు మెడ దగ్గర కుళ్ళి పడిపోయింది. ఆ వేరు మీద, పప్పుజాతిది కదా అని, నత్రజని బుడిపెల కోసం వెతికాను, ఒక్కటీ కనిపించలేదు. తంగేడు ఆ కుటుంబానిదే అయినా వేరుశనగలాగా, కందిలాగా బుడిపెలు కట్టే రకం కాదని తరువాత తెలిసింది. కాబట్టి దాని పక్కన నాటితే తక్కిన మొక్కలకు ఎరువు అందుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. రాలిన ఆకు చివికి ఎరువవుతుంది, అది వేరే సంగతి.

మా పొదలు రెండో ఏడు వినాయక చవితి తరువాత కొద్దిగా, మూడో ఏడు నిండుగా పూశాయి. పువ్వు కొత్త చిగురు కొమ్మల కొసల్లోనే వస్తుంది, అందువల్ల ఎన్ని కొత్త కొమ్మలు వేయిస్తే అంత పూత. ఏటా కాయలు ఎండిన తరువాత, జనవరి చివరిలో గానీ ఫిబ్రవరిలో గానీ, పొదను మోకాలెత్తుకు కత్తిరిస్తాను. వేసవి చివరి జల్లులకు చిగురించి సెప్టెంబరుకు తయారవుతుంది. ఇది నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మా ఊరి బాటల పక్కన, ఎంగిలిపూల నుంచి సద్దుల బతుకమ్మ దాకా ఆడవాళ్ళు, పిల్లలు కొమ్మలు విరుచుకుపోయిన పొదలు మరుసటి ఏడు గుబురుగా ఉండటం, ఎవరి చెయ్యీ పడని గుట్ట మీది పొదలు పొడుగ్గా సాగి కొసన నాలుగు పూలు పూయడం చిన్నప్పటినుంచి చూసినదే. 2014లో తెలంగాణ తన రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకున్న ఈ పువ్వు పండుగ నాటికి అంగడిలో కట్టల లెక్కన అమ్ముడుపోతోందంటే, ఊళ్ళ చుట్టూ ఉన్న బీళ్ళు ప్లాట్లయిపోవడమే కారణమని నా అభిప్రాయం. ఇంట్లో రెండు పొదలుంటే ఒక బతుకమ్మకు సరిపోతుంది.

పురుగుల గురించి మీరు అడగలేదు గానీ, వానాకాలంలో ఆకుపచ్చని గొంగళిపురుగులు ఆకులన్నీ తినేసి పొదను పుల్లలుగా మిగిల్చినప్పుడు మీరు కంగారు పడతారు కనుక చెబుతున్నాను. అవి లేత పసుపు, తెలుపు రంగుల సీతాకోకచిలుకల పిల్లలు. తంగేడు జాతి మొక్కలే వాటి ఆహారం. మొదటిసారి వేపనూనె కొట్టాను, తరువాత మానేశాను, మానేసిన ఏడు కూడా మూడు వారాల్లో ఆకు తిరిగి వచ్చింది. ఆకు ఈనె మీద జత ఆకుల మధ్య ఉండే చిన్న గ్రంథుల తీపి కోసం చీమలు తిరుగుతాయి, వాటివల్ల హాని లేదు. పువ్వులో మాత్రం తేనె ఉండదు. నల్ల తుమ్మెదలు పుప్పొడి కోసం వచ్చి, పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్ళంతా అదిరించి పొడి రాలుస్తాయి. ఆ అదురు లేకపోతే కాయ సరిగా పట్టదు కనుక, పూత కాలంలో పురుగుమందులు కొట్టకండి. మేకల బెడద గురించి కూడా భయం లేదు. మా గేటు తీసి ఉన్నప్పుడు వచ్చిన మంద మందారాన్ని మొదలంటా మేసి, తంగేడును వాసన చూసి వదిలేసి పోయింది.

ఇప్పుడు మీరు చేయవలసిన పని, మీరు మొక్కలు తవ్విన ఆ రోడ్డు పక్కనే జనవరిలో కాయలు ఎండి గోధుమ రంగుకు వచ్చినప్పుడు పది పన్నెండు కాయలు కోసుకోవడం. ఒక్కో కాయలో పన్నెండు నుంచి ఇరవై దాకా గింజలుంటాయి కాబట్టి అవే ఎక్కువ. గింజల్లో పుచ్చు పురుగు తొలిచిన సన్నని రంధ్రాలున్నవి చాలా కనిపిస్తాయి. వాటిని ఏరి పారేసి, మంచివాటిని బూడిద కలిపిన గాజు సీసాలో జూన్ దాకా దాచి, నానబెట్టే ముందు ఒకసారి చన్నీళ్ళలో వేసి తేలినవాటిని కూడా తీసేయండి.