పదిహేనో రాయి కనిపించలేదనే రాయి

చిరంజీవికి,

ఆశీస్సులు. జపాన్ తిరిగొచ్చి నువ్వు పంపిన ‘క్యోటోలో శరదృతువు’ వ్యాసం ప్రింటు తీయించి రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకుడిలా చదివితే నిద్రొచ్చింది. రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని చదివితే కోపమొచ్చింది. మూడో పేజీలో ఒక మంచి వాక్యం రాసి, దాన్ని నువ్వే గాలికొదిలేసి ముందుకు పోయావు, అందుకూ కోపం. దాని సంగతి తర్వాత చెబుతాను.

నాలుగు రోజుల్లో పదమూడు గుళ్ళు చూశావు. పదమూడింటికీ సమానంగా తలా ఒక పేరా పంచావు, పెళ్ళిలో తాంబూలాలు పంచినట్టు. ప్రతి పేరాలోనూ చెట్లు ‘మంటల్లా’ ఉన్నాయి, మనసు ‘ప్రశాంతత’తో నిండింది. అన్ని మంటల మధ్య అంత ప్రశాంతంగా ఎలా ఉన్నావో నాకు అర్థం కాలేదు.

ముందు నీ శీర్షిక సంగతి. శరదృతువు అన్నావు. పంచాంగం ప్రకారం తప్పు లేదు, నువ్వు వెళ్ళింది కార్తీకంలోనే. కానీ తెలుగువాడికి శరత్తు అనగానే ఏం గుర్తొస్తుంది? వానలు వెలిసిన ఆకాశం, తేరుకున్న ఏటినీరు, గట్ల మీద రెల్లుపూలు, వెన్నెల. మన శరత్తు తెల్లగా ఉంటుంది. మనకు ఆకులు రాలేది శిశిరంలో, అప్పటికి సంక్రాంతి కూడా అయిపోతుంది. క్యోటోలో నవంబరు రెండో సగం, డిసెంబరు మొదటి రోజులు ఎర్రగా ఉంటాయి. ఒక మాట పెట్టి రెండు రుతువుల్ని కలిపేశావు. ఆ మాట వాడొద్దని అనను. వాడి, అది ఎక్కడ సరిపోలేదో ఒక్క వాక్యంలో చెప్పు. పాఠకుడు అక్కడే నీ వెంట నడవడం మొదలుపెడతాడు.

ఎరుపు గురించి కూడా అంతే. నీ వ్యాసంలో ‘ఎర్రటి’ ఇరవై ఆరుసార్లు వచ్చింది. లెక్కపెట్టాను, పని లేనివాణ్ణి కదా. మన ఊళ్ళో ఆకు ఎర్రగా ఎప్పుడుంటుంది? పుట్టినప్పుడు. రావిచిగురు, మామిడిచిగురు ఎర్రెర్రగా వచ్చి తర్వాత పచ్చబడతాయి. అక్కడ మేపుల్ ఆకు బతుకంతా పచ్చగా ఉండి, రాలబోయే ముందు ఎర్రబడుతుంది. రాత్రిళ్ళు చల్లబడేకొద్దీ ఆకులో పచ్చదనం విరిగిపోతుంది. గింకో చెట్టులోనైతే దాని కింద ముందునుంచీ దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. మేపుల్‌లో ఎరుపు అలా దాగి ఉన్నది కాదు, ఆకు ఆ ఆఖరి రోజుల్లో చక్కెరలతో కొత్తగా తయారుచేసుకునేది. పోతూ పోతూ ఈ ఖర్చెందుకో! మన వైపు అలా ఎర్రబడి రాలేది బాదం చెట్టు. మీ బళ్ళో ఉండేది కదా, ఆ ఆకుల్ని విస్తళ్ళు చేసుకుని ఆడుకునేవాళ్ళు మీరు. పదమూడు గుళ్ళు తిరిగినా ఆ బాదం చెట్టు నీకు ఒక్కసారీ గుర్తు రాలేదా? వచ్చే ఉంటుంది. జపాన్ వ్యాసంలో బడి దగ్గర బాదం చెట్టు ఏం బాగుంటుందని తీసేసి ఉంటావు.

ఆకుల కోసం ఊరూరా తిరగడాన్ని వాళ్ళు ‘మోమిజిగారి’ అంటారు. మోమిజి అంటే ఎర్రబడిన మేపుల్, గారి అంటే వేట. మొదటిసారి విన్నప్పుడు మోమిజి గారనే పెద్దమనిషి ఎవరో అనుకున్నాను. అక్షరాలా ఇది ఆకుల వేట. ఈ మాట నీకు తెలుసు, ఎందుకంటే నువ్వు నిజంగానే వేటాడావు.

నేనూ ఒకప్పుడు అంతే. నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. ర్యోఅన్‌జి గుడిలో రాళ్ళతోట ఉంది కదా, తెల్లటి గులకరాళ్ళు పరిచిన దీర్ఘచతురస్రంలో పదిహేను రాళ్ళు. వసారాలో ఎక్కడ కూర్చున్నా ఏదో ఒక రాయి ఇంకో రాయి చాటుకు పోతుంది, పద్నాలుగే కనిపిస్తాయి. నేను వెళ్ళిన రోజు స్కూలు పిల్లలు బస్సుల్లో వచ్చారు. వసారా కిక్కిరిసిపోయింది, కూర్చోవడానికి జానెడు చోటు దొరకలేదు. పైగా చెప్పులు విప్పాక చూసుకుంటే నా మేజోడుకు చిల్లు, బొటనవేలు బయటికొచ్చి లోకాన్ని చూస్తోంది. నా ధ్యాసంతా దాన్ని దాచడం మీదే. చెక్క నేల ఐసుగడ్డలా ఉంది. అయిదు నిమిషాల్లో బయటపడ్డాను. ఇంటికొచ్చి ఏం రాశానో తెలుసా? ‘మౌనంగా కూర్చుని ఒక్కొక్క రాయినీ లెక్కపెట్టాను, పద్నాలుగు. పదిహేనోది నాలోనే ఉందనిపించింది.’ అచ్చయింది, అందరూ మెచ్చుకున్నారు కూడా. నెల తర్వాత ఒక పాఠకుడు కార్డు రాశాడు: ‘అయ్యా, మీరు కూర్చున్న చోటి నుంచి కనిపించని రాయి ఎడమవైపుదా, కుడివైపుదా?’ ఏం చెప్పను? ఆ కార్డు ఇంకా నా దగ్గరుంది.

ఆ మేజోడు, ఆ పిల్లల గోల, ఆ చల్లటి నేల రాసి ఉంటే నా వ్యాసం బతికేది. పదిహేను రాళ్ళూ చూసినట్టు రాసేవాడికి ఎవడు ఎక్కడ నిలబడి చెబుతున్నాడో ఆచూకీ ఉండదు. కనిపించలేదంటే కనిపించలేదనే రాయి. ‘రాయి’ అంటే నేను చెప్పే రెండర్థాలూ తెలుగులోనే కుదిరాయి చూడు, జపనీయులకు ఈ అదృష్టం లేదు.

ఆ తోట గురించి ఇంకో సంగతి. దాన్ని ఎవరు కట్టారో ఈరోజుకీ తేలలేదు. కానీ ఒక రాయి వెనకవైపు, వసారాలోంచి కనిపించని వైపు, పేర్లు చెక్కి ఉన్నాయి. వాటిలో ఒకటి కొతారో. రాళ్ళు మోసిన కూలీవాళ్ళ పేర్లయి ఉంటాయంటారు. జెన్ బౌద్ధ తత్వం గురించి నువ్వు రాసిన అరపేజీ కంటే ఈ ఒక్క పేరు నాకు ఎక్కువ. ఇప్పటికీ అంతే, ఆ తోటల అందం వెనక చేతులుంటాయి. నాచులో మొలిచిన గడ్డిని ఒక్కొక్క పోచా ఏరేవాళ్ళు, చలికాలం ముందు నిచ్చెనెక్కి పైన్ చెట్టు పాత సూదుల్ని చేత్తో దులిపేవాళ్ళు, వెదురు చీపుర్లతో ఊడ్చేవాళ్ళు. నాచు మీద పడ్డ మేపుల్ ఆకుల్లో ఎన్ని ఉంచాలి, ఎన్ని తీయాలి అన్నది ఎవరో ఒకరు తేల్చుకోవాలి కదా! నువ్వు ‘ప్రకృతి పరిచిన తివాచీ’ అన్నావు. ప్రకృతి ఒక్కతే పరిచినట్టు లేదు.

కాలిబాట మీద నల్లతాడుతో అడ్డం నిలువు కట్టిన పిడికెడంత రాయి నీకు ఎక్కడో కనిపించే ఉంటుంది. సెకిమోరి ఇషి అంటారు, ‘ఇటు రావద్దు’ అని దాని అర్థం. గేటు లేదు, బోర్డు లేదు, చీపురుపుల్లతో తోసేయగలిగే రాయి. అయినా ఎవరూ దాటరు. ఒక సమాజం గురించి నాలుగు పేజీల్లో చెప్పేది ఆ తాడు ముడి చెబుతుంది. ఇలాంటివి నీ నోటుబుక్కులో ఉండాలి. ఫోన్లో ఆకుల ఫొటోలు ఎనిమిది వందలున్నాయని రాశావు, నోటుబుక్కు ఊసే లేదు.

ఫొటోలంటే తోఫుకుజి గుడి. క్యోటో స్టేషన్ నుంచి రైల్లో ఒక్క స్టేషనే కాబట్టి అందరూ అక్కడికే పోతారు. మేపుల్ లోయ మీద ఆ చెక్క వంతెన, త్సూతెన్‌క్యో, 1959 తుపానులో కొట్టుకుపోతే 1961లో మళ్ళీ కట్టారు. ఆకులు బాగా పండే రోజుల్లో వంతెన మీద ఫొటోలు తీయొద్దంటారు, జనం ఆగిపోతే కదలడం కష్టం. దాని మీద నువ్వు విసుక్కున్నావు. నేనైతే ఆ విసుగు నుంచే వ్యాసం మొదలుపెట్టేవాణ్ణి. ఎందుకంటే ఆ గుడికి సరిగ్గా ఈ విషయం మీదే పాత కథ ఒకటుంది. మించో అనే చిత్రకారుడైన సన్యాసి బుద్ధ నిర్యాణం బొమ్మ వేస్తే, అప్పటి సైనిక పాలకుడు షోగున్ మెచ్చి ఏం కావాలో కోరుకోమన్నాడట. మించో ‘ఆవరణలో చెర్రీ చెట్లన్నీ కొట్టించండి’ అన్నాడట. పూల కోసం జనం వచ్చి పడితే గుడి షికారు స్థలం అయిపోతుందని ఆయన భయం. అలా ఆ గుడిలో చెర్రీలు లేకుండా పోయాయంటారు. ఆ చెర్రీలు లేని గుడికే ఇప్పుడు మేపుల్స్ కోసం లక్షల జనం! మించో ఆ వంతెన మీద మనతోపాటు ఇరుక్కుని నిలబడితే ఏమనేవాడు? నీ విసుగుకీ ఆయన కోరికకీ మధ్య ఆరువందల ఏళ్ళున్నాయి. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టు చాలు, నీ తరఫున వ్యాఖ్య అక్కర్లేదు.

ఇక నీ ఏడో పేజీ. ‘ఎక్కడ చూసినా మన దేవుళ్ళే’ అని పొంగిపోయావు. పొంగడంలో తప్పేం లేదు. చెరువు గట్టున వీణలాంటి వాద్యంతో ఉన్న బెన్‌తెన్ మన సరస్వతే, శ్మశానాల్లో చెక్కపలకల మీద ‘సిద్ధం’ అనే పాత భారతీయ లిపిలో అక్షరాలుంటాయి, మన లిపికి దూరపు చుట్టం. కానీ ‘మనదే’ అనగానే చూడటం ఆగిపోతుంది. చుట్టాల పెళ్ళికెళ్ళి ఎంతసేపూ మనం పెట్టిన పట్టుచీర ఎవరు కట్టుకున్నారా అని వెతికినట్టుంటుంది. నీకు నిజంగా ఆ దారిన పోవాలనుంటే ఒక్క మాట పట్టుకో. మన నాగార్జునకొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుణ్ణి వాళ్ళు ‘ర్యూజు’ అంటారు. ర్యూ అంటే డ్రాగన్, జు అంటే చెట్టు. నాగుడు డ్రాగన్ అయ్యాడు, అర్జున వృక్షం, అంటే మన మద్దిచెట్టు, వట్టి ‘చెట్టు’గా మిగిలింది. చైనా మీదుగా నడిచి వెళ్ళిన పేరు ఎలా అరిగిందో, ఎలా కొత్త బట్టలు కట్టిందో చూడు. అది మన గొప్పా కాదు, వాళ్ళ గొప్పా కాదు, ఆ పేరు చేసిన ప్రయాణం. నాకైతే అదే ఎక్కువ బాగుంటుంది.

ఎయికన్‌దో గుడి గురించి నువ్వు రాసిందంతా రాత్రి లైట్లే. లోపల అమిదా బుద్ధుడి విగ్రహం చూశావా, లేక లైట్ల క్యూలో తోసుకుంటూ బయటికొచ్చేశావా? 77 సెంటీమీటర్లే ఉంటుంది. 1082లో యోకాన్ అనే సన్యాసి విగ్రహం చుట్టూ ప్రదక్షిణ చేస్తుంటే బుద్ధుడే పీఠం దిగి ముందు నడిచాడట. ఈయన నోరెళ్ళబెట్టి ఆగిపోతే, ఆయన ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగి ‘యోకాన్, ఆలస్యం చేస్తున్నావ్’ అన్నాడట. విగ్రహం అలాగే మెడ తిప్పి ఉండిపోయింది. ఎదురుగా నిలబడితే ముఖం సరిగా కనిపించదు, పక్కకు వెళ్ళాలి. దేవుడు మనకోసం ఆగి చూస్తున్నట్టు అందరూ రాస్తారు. నాకు మాత్రం ఆ చూపులో, వెనక పడ్డ మనిషిని ఇంటికి తీసుకుపోవాల్సిన పెద్దన్నయ్య విసుగు కూడా కొంచెం కనిపించింది. నా చూపు తప్పయి ఉండొచ్చు. తప్పైనా అది నాది.

తిండి విషయం రాయనే లేదు నువ్వు, అది ఘోరం. నాన్‌జెన్‌జి గుడి దగ్గర యుదోఫు తిన్నప్పుడు, వేడినీళ్ళ కుండలో తెల్లగా తేలుతున్న సోయాపాలతో చేసే టోఫు ముక్కలు చూసి మా ఆవిడ ‘పోపు మర్చిపోయారేమోనండీ’ అంది. ఆవిడ అన్న ఆ మాటే ఆ యాత్రలో మేం ఎక్కువసార్లు చెప్పుకున్నది.

సరే, మూడో పేజీ. గింకకుజి గుడి పేరాలో చివర ఇలా రాశావు: ‘మోకాళ్ళ నొప్పి వల్ల అమ్మ లోపలికి రాలేదు, కాలవ గట్టున బెంచీ మీద కూర్చుంది.’ అంతే. తర్వాత ఇసుకతో చేసిన గుట్ట, వెండి రేకు ఎన్నడూ పడని వెండి మంటపం, మళ్ళీ మంటలు. అమ్మ ఏమైంది?

నువ్వు లోపల గంట తిరిగావు. ఆ గంటా ఆవిడ భాష రాని ఊళ్ళో, తాత్వికుల బాట అని పేరున్న ఆ కాలవ పక్కన ఒక్కతే కూర్చుంది. చలికి శాలువా సరిపోయిందా? ఎవరైనా పలకరించారా? నీళ్ళలో ఆకులు ఎటు పోతున్నాయి? నువ్వు తిరిగొచ్చాక మొదట ఏమంది? పదమూడు గుళ్ళలో నాకు తెలుసుకోవాలనిపించిన చోటు ఆ బెంచీ ఒక్కటే. నీకు తెలియకపోతే ఫోన్ చేసి అడుగు. ‘ఏముందే, కూర్చున్నాను’ అంటుంది మొదట. వెంటనే పెట్టేయకు, కాసేపు అటూ ఇటూ మాట్లాడాక మళ్ళీ అడుగు.

తిరగరాసేటప్పుడు గుళ్ళు రెండుకు మించకుండా చూసుకో. మిగతా పదకొండూ ఎక్కడికీ పోవు. సంక్రాంతికి ఊరొస్తున్నావని మీ నాన్న చెప్పాడు. వచ్చేటప్పుడు పెద్దక్షరాల్లో ప్రింటు తీసి పట్టుకురా, శుక్లం ఆపరేషనయ్యాక నేను ఫోన్లో చదవలేకపోతున్నాను. వీలైతే అమ్మని కూడా తీసుకురా. నువ్వు రాసింది చదివాక, ఆ బెంచీ గురించి ఆవిణ్ణే అడుగుతాను.

ఉంటాను,
మీ మాస్టారు