మిల్క్‌వీడ్ నాటితే చాలా అంటే, చాలదండి... మా వీధిలో ఏం జరిగిందో చెప్తా

మీరడిగింది ఏంటంటే, డాలస్ దగ్గర మీ కమ్యూనిటీలో సగం ఇళ్ళు మనవాళ్ళవే, ఈ ఏడు అందరూ కలిసి మోనార్క్ సీతాకోకచిలుకల కోసం మిల్క్‌వీడ్ (మన జిల్లేడు లాంటి పాల మొక్క, మోనార్క్ పురుగులు తినేది దీని ఆకులే) నాటాలనుకుంటున్నారు, అది చాలా ఇంకేమన్నా చెయ్యాలా అని. మేమూ ఇక్కడే, డాలస్‌కి ఉత్తరాన ఉంటాం, ఐదేళ్ళ క్రితం సరిగ్గా ఇలాగే ఉత్సాహంగా మొదలుపెట్టాం, మొదటి రెండేళ్ళు చేసినవన్నీ తప్పులే, కాబట్టి ముందు ఆ తప్పులే చెప్తా.

మొదటి ఏడు ఒక పెద్ద స్టోర్‌కెళ్ళి ఎర్రా పసుపు పూలతో కళకళలాడుతున్న మిల్క్‌వీడ్ కుండీలు ఆరు తెచ్చాం. ఏప్రిల్‌లో ఓ ఆడ మోనార్క్ వచ్చి ఒక్కో ఆకు కిందా తోక వంచి గుడ్డు పెట్టి పోయింది, మా పాప ఆకు తిప్పి చూపిస్తే గసగసాల గింజంత తెల్లటి చుక్క. నాలుగు రోజులకి పురుగులొచ్చాయి, తెలుపు నలుపు పసుపు చారలతో. తర్వాతి వారం పొద్దున్నే చూస్తే అన్నీ మెత్తబడి, నల్లబడి ఆకు అంచుల్నుంచి వేలాడుతున్నాయి. పాప ఆ రోజు స్కూలుకి ఏడుస్తూనే వెళ్ళింది. ఆ మొక్కలకి పెంచేటప్పుడే మందు పట్టించారా అని స్టోర్‌లో అడిగితే ఎవరికీ తెలీదు. నియోనికోటినాయిడ్ అనే రకం మందులు మొక్క లోపలికే ఇంకిపోతాయి, ఆకులో, పువ్వులో, పుప్పొడిలో అన్నిట్లో ఉంటాయి, పైపైన నీళ్ళు పోసి కడిగితే పోవు. అందుకే ఇప్పుడు కొనే ముందే అడుగుతా, సరైన జవాబు రాకపోతే కొనను.

రెండో తప్పు ఆ ఎర్రా పసుపు పూల రకమే. అది ట్రాపికల్ మిల్క్‌వీడ్, ఇక్కడిది కాదు. ఇక్కడి రకాలు చలికాలం వచ్చేసరికి పైన ఎండిపోయి వసంతంలో మళ్ళీ వేరు నుంచి కొత్తగా లేస్తాయి, ఇదేమో చలి తక్కువున్న ఏడాది అలా పచ్చగా నిలబడే ఉంటుంది. దాంతో ఓఈ అని ఒక పరాన్నజీవి, దాని పొడి లాంటి బీజాలు ఆకుల మీద పేరుకుపోతాయి, పురుగు ఆకుతో పాటు అదీ తినేస్తుంది. మాకు ఒకటి అలాగే వచ్చింది. పచ్చటి ప్యూపా ఎంత ముద్దుగా ఉందో, చుట్టూ బంగారు గుండ్లు గుచ్చినట్టు చుక్కలు, తీరా పగిలాక రెక్కలు నలిగిన కాగితంలా ఉండిపోయాయి, విప్పుకోలేదు, కిందపడి పాకుతూ ఉంది పాపం. మీ దగ్గర ఆల్రెడీ ఆ రకం ఉంటే కంగారేం లేదు, అక్టోబర్ నుంచి చలికాలమంతా నేల దాకా కత్తిరిస్తూ ఉండండి, మెల్లగా ఇక్కడి రకాలకి మారండి. మా ప్రాంతానికి గ్రీన్ మిల్క్‌వీడ్, యాంటిలోప్ హార్న్స్, నారింజ పూల బటర్‌ఫ్లై వీడ్, ఈ మూడూ బాగా నిలబడ్డాయి. చూడ్డానికి మాత్రం మొదటి రెండూ అచ్చం రోడ్డు పక్క కలుపు మొక్కల్లా ఉంటాయి, ముందే చెప్తున్నా.

ఇక అసలు విషయం. టెక్సాస్‌కి మోనార్క్‌లు రెండుసార్లు వస్తాయి. మార్చి ఏప్రిల్‌లో మెక్సికో నుంచి పైకి వెళ్తూ ఇక్కడ గుడ్లు పెట్టి చనిపోతాయి, వాటి పిల్లలు, మనవలు పైకి పోతూ కెనడా దాకా వెళ్తారు. అక్కడ ఎండాకాలం చివర పుట్టే తరం మాత్రం వేరు, అవి అప్పటికప్పుడు గుడ్లు పెట్టవు, ఎనిమిది నెలల దాకా బతికి, వేల కిలోమీటర్లు ఎగిరి, ఎప్పుడూ చూడని, మెక్సికోలోని మిచోఆకాన్ కొండల్లోని ఓయామెల్ ఫర్ చెట్ల మీదకి చేరతాయి. దారిలో అక్టోబర్‌లో మన మీదుగానే పోతాయి. అప్పుడు వాటికి ఆకుతో పని లేదు, తేనె కావాలి, చలికాలం మొత్తానికి సరిపడా కొవ్వు ఒంట్లో వేసుకోవాలి కదా. అందరూ మిల్క్‌వీడ్ మిల్క్‌వీడ్ అంటారు గానీ మన ఊళ్ళకి అంతే ముఖ్యం అక్టోబర్‌లో పూసే పూలు. గ్రెగ్స్ మిస్ట్‌ఫ్లవర్ అని నీలం పూల మొక్క, దాని మీద ఒకేసారి పదిహేను దాకా లెక్కపెట్టాం ఓ సాయంత్రం. నీడలో ఫ్రాస్ట్‌వీడ్, ఎండలో గోల్డెన్‌రాడ్, ఆస్టర్లు, మాక్సిమిలియన్ పొద్దుతిరుగుడు, ఇవన్నీ ఇక్కడివే, కుదురుకున్నాక నీళ్ళు కూడా పెద్దగా అడగవు.

అవి ఎంత తగ్గాయో చెప్తే మీవాళ్ళు కదులుతారేమో. మెక్సికోలో వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేరు కాబట్టి ఎన్ని హెక్టార్ల చెట్ల మీద కమ్ముకున్నాయో కొలుస్తారు. 1996-97 చలికాలంలో 18 హెక్టార్ల పైన, 2023-24లో 0.9 హెక్టార్, తర్వాతి ఏడు 1.79. మధ్యలో మిడ్‌వెస్ట్ మొక్కజొన్న, సోయా పొలాల్లో కలుపుమందుకి తట్టుకునే విత్తనాలొచ్చి, చాళ్ళ మధ్య ఉండే మిల్క్‌వీడ్ దాదాపు అంతా పోయింది, అదొక పెద్ద కారణం. పొలాల్లో పోయింది ఇళ్ళ ముందు కొంతైనా తిరిగి రావాలి.

ఇప్పుడు మా వీధిలో అన్నిటికన్నా కష్టమైన పని, దోమల స్ప్రే ఆపించడం. నెలకోసారి కంపెనీవాళ్ళు వచ్చి పొదలన్నిటికీ కొట్టి పోయేవారు, నాలుగిళ్ళు మొక్కలు పెట్టి మిగతా ఇళ్ళు స్ప్రే కొట్టిస్తే అది విందుకి పిలిచి విషం పెట్టినట్టే. నేను మోనార్క్‌ల గురించి చెప్తే ఎవరూ వినలేదండి, మర్యాదగా నవ్వి ఊరుకున్నారు. పని చేసింది సొరకాయ! పక్క వీధి ఆంటీ ఒకావిడ ప్రతి జూన్‌లో పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయని గోల, రాత్రి ఫ్లాష్‌లైట్ పెట్టుకుని బ్రష్‌తో మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకి రాసేవారు. నేనన్నా, "ఆంటీ, సొర పువ్వు చీకటి పడ్డాక విచ్చుకుంటుంది, దాని దగ్గరికి వచ్చేవి రాత్రి తిరిగే చిమ్మటలు, గుమ్మడికి పొద్దున్నే తేనెటీగలు, మీరు స్ప్రే కొట్టించి వాటిని చంపేసి మళ్ళీ మీరే బ్రష్ పట్టుకుంటున్నారు" అని. ఆవిడ ఆ నెలే కాంట్రాక్ట్ ఆపేశారు, ఆపడమే కాదు వాట్సాప్ గ్రూపులో నాకన్నా గట్టిగా ప్రచారం మొదలుపెట్టారు. ఏడాదిలో పదకొండు ఇళ్ళు ఆపాయి. మరి దోమల సంగతేంటి అంటారు, కుండీల కింద ప్లేట్లలో, గట్టర్లలో నిలిచిన నీళ్ళు పారబోయాలి, పారబోయలేని చోట బీటీఐ అనే బ్యాక్టీరియాతో చేసిన బిళ్ళ వెయ్యాలి, అది దోమ పిల్లల మీద పని చేస్తుంది, సీతాకోకచిలుకల జోలికి పోదు. పేరు దగ్గర జాగ్రత్త, క్యాబేజీ పురుగుకి కొట్టే బీటీకే వేరే, అది మోనార్క్ పురుగునీ చంపుతుంది. వేపనూనె కూడా మిల్క్‌వీడ్ మీద వద్దు, ఆర్గానిక్ అయితే మాత్రం పురుగుకి పురుగుమందే కదా.

మిల్క్‌వీడ్‌కి పసుపు పేనుబంక పడుతుంది, ఖాయం. ఊళ్ళో జిల్లేడుకి, గన్నేరుకి పట్టేదే అది. చూసి కంగారుపడి ఏదీ కొట్టకండి, వేళ్ళతో నలిపెయ్యండి, లేదా గుడ్లున్నాయేమో చూసుకుని పైపుతో నీళ్ళు కొట్టండి. మొక్క తుంచితే కారే పాలు కంట్లో పడకుండా చూసుకోండి, పిల్లలకి మరీ చెప్పండి.

జిల్లేడంటే గుర్తొచ్చింది, మాది ఖమ్మం వైపు, చిన్నప్పుడు జిల్లేడు మొగ్గలు టప్ టప్ మని పేల్చేవాళ్ళం, దాని ఆకుల మీద ఇలాగే చారల పురుగులు ఉండేవి. అది ప్లెయిన్ టైగర్ అని, మోనార్క్‌కి వరసకి చుట్టమే అని ఇక్కడికొచ్చాక తెలిసింది. రథసప్తమికి ఆకులు కోసినప్పుడు తప్ప దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం గురించి. మాకు రెండో ఏడు లెటర్ వచ్చింది, ముందు యార్డులో కలుపు పెంచుతున్నారు, పదిరోజుల్లో తియ్యండి అని. గొడవ పెట్టుకోలేదు. టెక్సాస్‌లో 2013 నుంచి ఒక చట్టం ఉంది, కరువుకి తట్టుకునే మొక్కలు పెట్టుకోవడాన్ని హెచ్‌ఓఏ పూర్తిగా నిషేధించకూడదు, కానీ ప్లాన్ ముందే చూపించమని అడగొచ్చు. మేం ఒక కాగితం మీద గీసి ఇచ్చాం, చుట్టూ రాళ్ళతో అంచు కట్టాం, ఫుట్‌పాత్ వైపు రెండడుగులు గడ్డి కత్తిరించి పెట్టాం, మోనార్క్ వేస్టేషన్ అని కాన్సాస్ యూనివర్సిటీలోని మోనార్క్ వాచ్ వాళ్ళు ఇచ్చే బోర్డు తగిలించాం. మొక్కలు అవే, బోర్డు పడ్డాక అదే కలుపు తోటైపోయింది! మీరు కూడా విడివిడిగా కాకుండా ఐదారు ఇళ్ళు కలిసి ఒకే అప్లికేషన్ పెట్టండి. మోనార్క్‌లకి ఊళ్ళో చోటు కల్పిస్తామని మేయర్లు మాటిచ్చే మోనార్క్ ప్లెడ్జ్ మీద మీ సిటీ మేయర్ సంతకం పెట్టారేమో కూడా చూడండి, 2015 నుంచి నడుస్తున్న ప్రోగ్రామ్, పెట్టి ఉంటే పార్కులో ఒక మూల అడగడానికి అది మంచి సాకు.

మనవాళ్ళకి ఇంకో మాట, బతుకమ్మ. సరిగ్గా మోనార్క్‌లు దిగే రోజుల ముందే గుట్టల పక్కన పసుపు పూలన్నీ కోసుకొచ్చేస్తాం, నేనూ కోశా. ఇప్పుడు మా వీధి వాళ్ళం బంతి, గునుగు ఇంట్లోనే విత్తనం వేసి పెంచి, పండక్కి సగమే కోసి సగం చెట్టునే ఉంచుతున్నాం. గునుగు మీద కూడా వచ్చి వాలుతున్నాయి.

ఇంట్లో డబ్బాల్లో వందల పురుగుల్ని పెంచి వదలడం మాత్రం వద్దు, రోగాలు అంటుకుంటాయి. పిల్లలకి చూపించడానికి ఒకటీ రెండూ సరే. అలాగే అంతటా మల్చ్ (నేల మీద పరిచే చెక్కపొట్టు) కప్పెయ్యకండి, ఇక్కడి తేనెటీగల్లో చాలా రకాలు ఒంటరివి, నేలలో బొరియ చేసుకుని ఉంటాయి, ఓ మూల ఉత్త మట్టి వదలండి.

విత్తనాలు కావాలంటే మా యాంటిలోప్ హార్న్స్ కాయలు ఎండాక ఇస్తా. నవంబర్‌లో నేరుగా నేలలోనే వేసెయ్యండి, దీనికి లోతైన తల్లివేరు, పీకి మళ్ళీ నాటితే బతకదు. వసంతంలో వేసేట్టయితే నెల రోజులు తడి టిష్యూలో చుట్టి ఫ్రిడ్జ్‌లో పెట్టాలి, కవర్ మీద పెద్ద అక్షరాలతో రాసి మరీ పెట్టండి, మొదటిసారి మావి ఇడ్లీ పిండి గిన్నె పక్కన కుళ్ళిపోయిందేదో అనుకుని మా అమ్మ పారేసింది.