మత్తు వైద్యంలో పరిశోధన: ఎం.డి. సీటా, కంపెనీ ఉద్యోగమా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.బి.బి.ఎస్., హౌస్ సర్జన్సీ పూర్తి చేసింది. నీట్ పీజీలో వచ్చిన ర్యాంకుకు ఎం.డి. అనస్థీషియా సీటు వచ్చేలా ఉంది. ఆపరేషన్లలో వాడే మత్తుమందుల మీద, మత్తు ఇచ్చే పద్ధతుల మీద పరిశోధన చేయాలన్నది తన కోరిక. అందుకోసం సీటు వదులుకొని హైదరాబాదులో ఏదైనా క్లినికల్ రీసెర్చ్ కంపెనీలో చేరతానంటోంది. మా బంధువులేమో మత్తు డాక్టరుకు పరిశోధన ఏముంటుంది, సర్జన్ చెప్పినప్పుడు ఇంజెక్షన్ ఇవ్వడమే కదా అంటున్నారు. మీరేమంటారు?
— ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: సీటు వదులుకోవద్దన్నదే నా సలహా. మీ అమ్మాయి కోరిక సరైనదే కానీ, అందుకు ఆమె ఎంచుకున్న దారి ఆ కోరికకు దూరంగా తీసుకుపోతుంది. ఎందుకో చెప్పాలంటే ఈ రంగంలో పరిశోధన ఎక్కడ, ఎలా జరుగుతుందో ముందు చెప్పాలి.

మత్తు వైద్యంలోకి పూర్తిగా కొత్త మందులు చాలా అరుదుగా వస్తాయి. ఈనాడు దాదాపు ప్రతి ఆపరేషన్ థియేటర్లో కనిపించే ప్రొపోఫాల్ 1986లో బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చిన మందు. అందువల్ల ఈ రంగంలోని పరిశోధనలో అధిక భాగం ఉన్న మందులను ఎంత మోతాదులో, ఏ రోగికి, ఏ పద్ధతిలో, దేనితో కలిపి ఇవ్వాలన్న ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. సిజేరియన్‌నే తీసుకోండి. నడుము దగ్గర వెన్నులో మత్తు ఇచ్చిన కొద్ది నిమిషాలకే చాలామంది తల్లులకు బీపీ పడిపోతుంది. దానికి చాలాకాలం ఎఫిడ్రిన్ వాడేవారు. అది మాయను దాటి బిడ్డను చేరుతుందనీ, బిడ్డ రక్తంలో ఆమ్లత్వాన్ని పెంచుతుందనీ తులనాత్మక అధ్యయనాలు తేల్చాక ఫినైలెఫ్రిన్ ముందుకు వచ్చింది. దానివల్ల తల్లి గుండె వేగం తగ్గుతోందని గమనించి, ఇప్పుడు నార్ఎపినెఫ్రిన్‌ను తక్కువ మోతాదుల్లో పరీక్షిస్తున్నారు. ఈ మూడూ పాత మందులే. ప్రశ్న పుట్టింది ఆపరేషన్ బల్ల దగ్గర, జవాబు దొరికిందీ అక్కడే. బల్ల దగ్గర నిలబడే అర్హత లేనివారికి ఆ ప్రశ్న తట్టే అవకాశం కూడా తక్కువే.

పద్ధతుల విషయంలో నమ్మకాలు తలకిందులైన సందర్భాలు ఇంకా ఆసక్తికరంగా ఉంటాయి. తుంటి ఎముక విరిగిన పెద్దవారికి పూర్తి మత్తు కంటే వెన్నులో ఇచ్చే మత్తే మేలని చాలామంది వైద్యులు నమ్మేవారు. అమెరికా, కెనడాలలో 1600 మంది రోగులతో జరిపి 2021లో ప్రచురించిన రీగెయిన్ అధ్యయనంలో, 60 రోజుల తర్వాత మరణించినవారూ నడవలేకపోయినవారూ కలిపి రెండు వర్గాల్లోనూ సుమారు 18 శాతమే ఉన్నారు. అలాగే పసిపిల్లలకు పూర్తి మత్తు ఇస్తే తెలివితేటలు దెబ్బతింటాయేమోనన్న భయాన్ని పరీక్షించడానికి, హెర్నియా ఆపరేషన్ అవసరమైన 722 మంది శిశువులను ఏడు దేశాల్లో చేర్చుకొని, వారికి ఐదేళ్లు వచ్చేదాకా వేచి చూసి, గంటలోపు మత్తు వల్ల ఐక్యూలో తేడా రాలేదని 2019లో ప్రకటించారు. మొదటి శిశువును చేర్చుకున్నది 2007లో. ఇంత ఓపిక తనకు ఉందా అన్నది మీ అమ్మాయి ఇప్పుడే ఆలోచించుకోవాలి.

మీ బంధువుల మాటకు హైదరాబాదు చరిత్రలోనే సమాధానం ఉంది. క్లోరోఫామ్ వల్ల ముందు శ్వాస ఆగుతుందా, గుండె ఆగుతుందా అన్న వివాదాన్ని తేల్చడానికి 1888లో, 1889లో నిజాం ఖర్చుతో రెండు క్లోరోఫామ్ కమిషన్లు అక్కడే పనిచేశాయి. వాటిని నడిపింది ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్. ఆ కాలంలోనే హైదరాబాదులో క్లోరోఫామ్ ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. శ్వాసే ముందు ఆగుతుందనీ, క్లోరోఫామ్ నేరుగా గుండెను ఆపదనీ కమిషన్ తేల్చింది. అది పూర్తి నిజం కాదని, తేలిక మత్తులో ఉండగా అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద ప్రయోగాలతో చూపించాడు. పేరున్న కమిషన్ తీర్పునైనా మళ్లీ పరీక్షకు పెట్టడం ఈ రంగానికి కొత్త కాదు.

ఇక కంపెనీ ఉద్యోగం సంగతి. ఎం.బి.బి.ఎస్.తో చేరినవారికి అక్కడ సాధారణంగా దొరికేది మందుల దుష్ప్రభావాల నివేదికలు పరిశీలించే పని, ట్రయల్ పత్రాలు సరిచూసే పని, వైద్య నివేదికలు రాసే పని. ఇవి గౌరవప్రదమైన ఉద్యోగాలే, నైట్ డ్యూటీల బాధ కూడా తక్కువ. అయితే అక్కడ ఆమె ఎక్కువగా చూసేది క్యాన్సర్ మందులో, మధుమేహం మందులో అయివుంటుంది; ఏ ప్రశ్న అడగాలో నిర్ణయించేదీ ఆమె కాదు. మత్తుమందు మీద జరిగే ట్రయల్‌కు ప్రధాన పరిశోధకుడిగా ఉండేది సాధారణంగా ఆ విభాగంలో పీజీ చేసిన వైద్యులే. ఎం.డి. తర్వాత కంపెనీకి వెళ్లాలనుకుంటే మెరుగైన స్థానంలోనే వెళ్లవచ్చు. కంపెనీలో కొన్నేళ్లు గడిపాక మళ్లీ నీట్ పీజీకి చదవడం మాత్రం చాలా కష్టం.

ఎం.డి. మూడేళ్లలో థీసిస్ తప్పనిసరి. మొదటి సంవత్సరంలో జాతీయ వైద్య కమిషన్ నిర్దేశించిన పరిశోధన పద్ధతుల కోర్సును ఆన్‌లైన్‌లో చేయాలి. దానిని చెన్నైలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఎపిడెమియాలజీ సంస్థ నడుపుతోంది. ఆ తర్వాత ఎథిక్స్ కమిటీ అనుమతి, ఎంతమంది రోగులు కావాలో స్టాటిస్టిక్స్ తెలిసినవారితో లెక్క, సీటీఆర్ఐ అనే జాతీయ ట్రయల్ రిజిస్ట్రీలో నమోదు వరుసగా జరగాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే ట్రయల్‌ను నమోదు చేయాలి, తర్వాత చేస్తామంటే కుదరదు. సమ్మతి కూడా ఆపరేషన్‌కు ముందు మత్తు ఇవ్వవచ్చో లేదో చూసే పీఏసీ పరీక్ష సమయంలోనే, రోగికి అర్థమయ్యే తెలుగులో, కాదనే వీలిచ్చి తీసుకోవాలి. థియేటర్ బల్ల మీద పడుకోబెట్టి సంతకం పెట్టించుకుంటే దానిని సమ్మతి అనలేము.

ఒక విషయం నిష్ఠూరంగానే చెప్తాను. మన కళాశాలల్లో ఏటా వచ్చే అనస్థీషియా థీసిస్‌లలో చాలా వాటి ప్రశ్న ఒకటే: వెన్నులో ఇచ్చే బుపివకెయిన్ అనే మత్తుమందుకు ఫెంటానిల్ కలిపితే మేలా, డెక్స్‌మెడిటోమిడిన్ కలిపితే మేలా అని. జవాబు ఎప్పుడో తెలిసిన ప్రశ్నకు మళ్లీ అరవై మంది రోగుల వెన్నులో సూది గుచ్చడం నాకు సమంజసంగా కనిపించదు. గైడ్ ఇచ్చిన అంశం అదే అయినా, మీ అమ్మాయి దానిలో ఇంకా తేలని చిన్న ప్రశ్నను వెతుక్కోవచ్చు. ఉదాహరణకు, ఎనభై ఏళ్లు దాటినవారికి ఎంత మోతాదు సరిపోతుందన్నది.

అంకెల నిజాయితీ విషయంలో ఈ రంగం గట్టి దెబ్బ తిన్నది కూడా. ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతులను ఆపే మందుల మీద విరివిగా రాసిన జపాన్ వైద్యుడు యోషితకా ఫుజీ పత్రాల్లో 172 కల్పిత డేటాతో ఉన్నాయని 2012లో అక్కడి అనస్థీషియా వైద్యుల సంఘం తేల్చింది. అదే ఏడాది జాన్ కార్లైల్ అనే బ్రిటిష్ మత్తు వైద్యుడు ఆ పత్రాల్లోని రోగుల వయసు, బరువు వంటి వివరాలు సహజంగా రావలసిన దానికంటే మరీ చక్కగా కుదిరాయని గణాంకాలతో చూపించాడు. స్టాటిస్టిక్స్‌ను భయపడి పక్కన పెట్టకుండా మొదటి ఏడాదిలోనే నేర్చుకోమని మీ అమ్మాయికి చెప్పండి.

ఎం.డి. తర్వాత లోతుకు వెళ్లాలంటే బెంగళూరు నిమ్‌హాన్స్‌లో న్యూరో అనస్థీషియా, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో న్యూరో, కార్డియాక్ విభాగాల్లో డీఎం (ఎం.డి. తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ) కోర్సులున్నాయి. అది మూడేళ్ల తర్వాతి మాట. ఇప్పుడు చేయవలసింది వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు తనకు వచ్చే వీలున్న కళాశాలల్లోని రెండో, మూడో సంవత్సరం పీజీలతో మాట్లాడటం. థీసిస్ అంశాన్ని ఎవరు ఎంచుకున్నారు, గైడ్ ఎన్ని రోజులకొకసారి డేటా చూస్తారు, నరాలను చూస్తూ మత్తు ఇవ్వడానికి వాడే అల్ట్రాసౌండ్ మెషిన్ పీజీల చేతికి వస్తుందా, గత మూడేళ్లలో ఆ విభాగం నుంచి పత్రికల్లో ఏమైనా అచ్చయిందా అని అడగాలి. ఊరికి దగ్గరగా ఉన్న కళాశాలకు, ఈ ప్రశ్నలకు మంచి జవాబులు వచ్చిన కళాశాలకు మధ్య తేల్చుకోవలసి వస్తే, దయచేసి దూరం చూసి ఆపకండి.