నలభై ఏళ్ల నాణేలు ఎవరి చేతిలో పెట్టాలి?

ప్రశ్న: నాకు 69 ఏళ్లు. టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నలభై ఏళ్లుగా నాణేలు సేకరిస్తున్నాను. పదకొండు ఆల్బమ్‌లు, రెండు పెట్టెలు అయ్యాయి. కొన్ని బాగా పాతవి, కొన్ని వెండివి, కాసిని బంగారువి. అబ్బాయికి వీటి మీద ఆసక్తి లేదు. "అమ్మేసి ఆ డబ్బుతో నువ్వూ అమ్మా ఎక్కడికైనా వెళ్లిరండి నాన్నా" అంటాడు. అమ్మాయేమో అమ్మొద్దంటుంది. కానీ ఈ మధ్య కాలంలో ఒక్క ఆల్బమ్ కూడా తెరిచి చూసింది లేదు. మా చెల్లెలి కొడుకు మాత్రం పదేళ్ల వయసు నుంచీ సెలవు రోజున వచ్చి నా పక్కన కూర్చుంటాడు. ఏ నాణెం ఏ టంకసాలలో అచ్చయిందో నాకంటే ముందు చెప్పేస్తాడు. నా తర్వాత ఇవన్నీ వాడికే ఇవ్వాలనుంది. ఆ మాట అనగానే మా ఆవిడ "కన్నపిల్లల్ని కాదని మేనల్లుడికా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. ఇవి ఎంత విలువ చేస్తాయో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పోయినేడు గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి ఇదే టెన్షన్. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సలహా: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కొడుకు మాట, కూతురి పట్టుదల, మీ ఆవిడ అలక, మేనల్లుడి మీద మీ మమకారం, ఇవేవీ నన్ను పెద్దగా కంగారు పెట్టలేదు. ఏ ఇంట్లోనైనా ఉండేవే. "ఎంత విలువ చేస్తాయో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు" అని ఓ ముక్క రాసి ముందుకెళ్లిపోయారు చూశారా, రేపు గొడవంటూ వస్తే అక్కడి నుంచే వస్తుంది.

ఇవాళ మీ అబ్బాయి లెక్కలో అది నాన్నగారి చిల్లర. రేపు మీరు లేనప్పుడు ఎవరో ఒకరు "అందులో ఒక్క నాణేనికే ఇల్లొస్తుందట" అంటారు. ఇలాంటి మాట అనడానికి ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. అప్పటికే ఆల్బమ్‌లు మేనల్లుడి ఇంటికి చేరి ఉంటే, ఆ అబ్బాయి ఎంత నిజాయితీగా లెక్క చెప్పినా నమ్మేవాళ్లుండరు. మీరు ప్రేమతో ఇచ్చింది పోయి పోయి అతని మెడకే చుట్టుకుంటుంది.

ఎందుకు చెప్పలేదో కూడా ఊహించగలను. నా దగ్గరికి వచ్చిన సేకరణకర్తల్లో చాలామంది కొన్న ధరలో సగమే ఇంట్లో చెప్పినవాళ్లు. సగం చెప్పి చెప్పి, చివరికి అసలు లెక్క తమకే గుర్తుండదు. మీరూ ఆ బాపతే అయితే సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇప్పుడు చెప్పేయండి, అంతే.

పిల్లల సంగతికొస్తాను. అమ్మేయమంటున్న అబ్బాయిది నిర్లక్ష్యం అని మీరు అనుకుంటున్నట్టున్నారు. నాకలా అనిపించలేదు. ఆ డబ్బు తనకిమ్మనడం లేదు కదా, మిమ్మల్నీ వాళ్ల అమ్మనీ సుఖపడమంటున్నాడు. అమ్మాయి అమ్మొద్దంటున్నది నాణేల గురించి కాదు. టేబుల్ దీపం కింద భూతద్దం పట్టుకుని వంగి కూర్చున్న నాన్న బొమ్మ ఆమె మనసులో ఉంది, అది చెరిగిపోకూడదు. దానికి పదకొండు ఆల్బమ్‌లు అక్కర్లేదు. ఆమె పుట్టిన సంవత్సరం అచ్చయిన నాణెం ఒకటి మీ సేకరణలో ఉండే ఉంటుంది. ఉంటే తీసి, దాన్ని ఎక్కడ, ఎలా సంపాదించారో చిన్న కాగితం మీద మీ చేతిరాతతో రాసి ఇవ్వండి. అబ్బాయికీ అలాగే ఒకటి. వీలునామా దాకా ఆగకండి, ఈ నెలలోనే ఇవ్వండి.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పాలి. మీ సేకరణను మీ అంతగా ప్రేమించేవాళ్లు దొరకరు. మేనల్లుడు కూడా ప్రేమించడు. మీరు ప్రేమించింది వెతుకులాటని. ఆల్బమ్‌లో ఒక గడి ఏడేళ్లు ఖాళీగా ఉండి, ఓ రోజు హఠాత్తుగా నిండినప్పటి సంతోషాన్ని. అది మీరు పూర్తిగా అనుభవించేశారు, ఎవరి పేరా రాసేది కాదు. మిగిలింది వస్తువు. దాన్ని వస్తువులాగే చూడగలిగితే పంపకం తేలికవుతుంది.

మా నాన్నగారు స్టాంపులు సేకరించేవారు. ఆయన పోయాక మేం ముగ్గురం ఎవరికీ అన్యాయం జరగకూడదని పేజీలు లెక్కపెట్టి మూడు వాటాలు వేసుకున్నాం. ఒకటో పేజీ అక్కకి, రెండోది నాకు, మూడోది తమ్ముడికి, మళ్లీ నాలుగోది అక్కకి. అప్పుడు మహా న్యాయంగా తోచింది. ఇప్పుడు మా ముగ్గురి దగ్గరా పూర్తి సెట్ ఒక్కటంటే ఒక్కటి లేదు. ఒకే వరుసలోని స్టాంపులు మూడు ఇళ్లలో ఉన్నాయి. కలిపి పెడదామంటే ఎవరి వాటా ఎక్కడ పెట్టారో వాళ్లకే గుర్తులేదు. మీ ఆల్బమ్‌లకి ఆ గతి పట్టకూడదు.

పంచడమే తప్పని కాదు. అమెరికాలో లూయీ ఎలియాస్‌బర్గ్ అనే ఆయన ఆ దేశపు నాణేల్లో ప్రతి సంవత్సరానిదీ, ప్రతి టంకసాలదీ సేకరించి 1950లో సెట్ పూర్తిచేశారు. ఆయన 1976లో పోయాక అది ఇద్దరు కొడుకులకి వచ్చింది. బంగారు నాణేలు ఒక భాగం, మిగతావి మరో భాగం. బంగారువి 1982లో వేలానికి వచ్చాయి, మిగిలినవి 1996, 97ల్లో. అంత గొప్ప సేకరణా చివరికి అమ్ముడైంది. అయినా నేటికీ అందులోని నాణెం చేతులు మారిన ప్రతిసారీ ఆయన పేరు చెప్పుకుంటారు. కనుక 'అమ్మడం' అనే మాటకి మీరు అంత బెదరక్కర్లేదు. విడదీయాల్సి వస్తే ఇలా సహజంగా విడిపోయే చోట విడదీయండి.

ఇక పంపకం. ముందు మీ ఆవిడ. మీ ప్రశ్న అంతా పిల్లలా, మేనల్లుడా అని నడిచింది. మీరు ముందు వెళ్లిపోతే ఆవిడ ఖర్చులకి ఏముందో రాయలేదు. ఆవిడ జీవితానికి వేరే ఏర్పాటు లేకపోతే ఈ నాణేల్లో మొదటి హక్కు ఆవిడదే. అవసరమొస్తే అమ్ముకునే స్వేచ్ఛతో సహా. "మేనల్లుడికా?" అన్న ఆవిడ ప్రశ్న వెనక ఆ భయం కూడా ఉందేమో అడిగి చూడండి.

ఆ భయం లేదని తేలాక నేను మొగ్గు చూపేది ఇలా. బంగారు నాణేల్లో చాలావాటికి లోహం ధరే ముఖ్యం, ఎవరికిచ్చినా దాని విలువ అర్థమవుతుంది. వాటిని కొడుక్కీ కూతురికీ సమానంగా ఇవ్వండి. మేనల్లుడు మీతో కూర్చుని పేర్చిన ఆల్బమ్‌లు, అంటే తెలిసినవాడి చేతిలో తప్ప అర్థం లేనివి, అతనికి ఇవ్వండి. వాటి విలువ పెద్దదని తేలితే మిగతా ఆస్తిలో పిల్లల వాటా ఆ మేరకు సరిచూడండి. మరీ పెద్దదైతే, అమ్మడానికి సాయం చేసే బాధ్యత మేనల్లుడికి అప్పగించి, అతను కోరుకున్న రెండు ఆల్బమ్‌లు అతనికి, అమ్మగా వచ్చిన డబ్బు పిల్లలకి అని రాయొచ్చు. తెలివి ఒకరిది, డబ్బు మరొకరిది, జ్ఞాపకం ఇంకొకరిది అయితే తప్పేముంది? మూడూ ఒక్కరికే ఇవ్వాలనుకోబట్టే మీకు నిద్ర పట్టడం లేదని నా అనుమానం.

ఇదంతా జరగాలంటే విలువ తెలియాలి. మీ దగ్గర కొనాలని చూడని మనిషితో, ఫీజు ఇచ్చి, లెక్క కట్టించండి. కొనేవాడే ధర చెబితే ఎటు మొగ్గుతాడో వేరే చెప్పాలా! నాణేల ధరల కేటలాగ్‌లో ఉన్న ధర చేతికి రాదని కూడా పిల్లలకి చెప్పి ఉంచండి. వ్యాపారి తన లాభం చూసుకుని కొంటాడు, వేలంలో కమీషన్ పోతుంది. ఈ ఒక్క సంగతి తెలియక, అమ్మిపెట్టినవాడు తినేశాడని అనుమానించుకున్న అన్నదమ్ముల్ని చూశాను.

తర్వాత ఒక పుస్తకం పెట్టండి. మంచి బైండు పుస్తకం. ప్రతి ముఖ్యమైన నాణేనికీ ఒక నంబరు, రెండు వైపులా ఫొటో, తూకం, అడ్డుకొలత, ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకి కొన్నారో, రసీదు ఉంటే అది. గ్రేడింగ్, అంటే నాణెం ఎంత బాగా ఉందో నిపుణులతో చూపించి మార్కులు వేయించడం, చేయించినవైతే సర్టిఫికెట్ నంబరు, ఒకటి నుంచి 70 దాకా ఉండే ఆ స్కేలు మీద దానికెంత వచ్చిందో. ఏ ఆల్బమ్‌లో, ఎన్నో పేజీలో ఉందో. చిల్లర నాణేలన్నిటికీ ఇంత తతంగం వద్దు, "ఈ డబ్బాలోవి మామూలువి" అని ఒక్క వాక్యం చాలు. సెట్‌గానే ఉంచాల్సినవాటి పక్కన ఆ మాట రాయండి. సరదాకి దాచుకున్న నకిలీ నాణేలుంటే అవి నకిలీవని తప్పకుండా రాయండి. లేకపోతే రేపు మీ అమ్మాయి వాటిని అసలైనవనుకుని అమ్మబోయి మాట పడుతుంది.

దీనికి తిరగేసిన కథ ఒకటుంది. అమెరికాలో 1913 నాటి లిబర్టీ నికెల్ అనే ఐదు సెంట్ల నాణేలు ఐదే ఐదు ఉన్నాయి. వాటిలో ఒకటి జార్జ్ వాల్టన్ అనే సేకరణకర్త దగ్గర ఉండేది. 1962లో ఆయన నాణేల ప్రదర్శనకి వెళ్తూ కారు ప్రమాదంలో చనిపోయారు. తర్వాత నిపుణులు దాన్ని చూసి నకిలీ అని వెనక్కి ఇచ్చేశారు. ఆయన సోదరి దాన్ని పారేయకుండా ఇంట్లోనే అల్మరాలో పెట్టుకున్నారు. 2003లో మిగతా నాలుగింటి పక్కన పెట్టి పోల్చి చూస్తే అసలైనదేనని తేలింది. 2013 వేలంలో 31 లక్షల డాలర్లకి పైగా పలికింది. నలభై ఏళ్లు అది ఆ ఇంట్లో విలువలేని బిళ్లగా పడి ఉంది. ఆయన బతికుంటే తన నాణెం గురించి తనే వాదించుకునేవారు. ఆయన లేరు కాబట్టి ఎవరో అన్న మాటే నిజమైపోయింది. పుస్తకంలో మీరు రాసే నాలుగు ముక్కలు మీ బదులు మాట్లాడేవి.

ఆ పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఒక హెచ్చరిక రాయండి: "తోమకండి." నవ్వకండి మాస్టారూ. ఒకావిడ తన తండ్రి వెండి నాణేలన్నీ అమ్మబోయే ముందు గిన్నెలు తోమే పొడితో తళతళలాడేలా రుద్ది తీసుకెళ్లింది. పాపం, శుభ్రంగా ఉంటే మంచి ధర వస్తుందనుకుంది. ఏళ్ల తరబడి పట్టిన ఆ రంగుతో పాటు అచ్చు పడినప్పటి పైపొర కూడా పోయింది. గీతలు పడిన నాణేలకి వెండి ధర తప్ప ఎవరూ పైసా ఎక్కువ ఇవ్వలేదు. ఆవిడ నా దగ్గరికి వచ్చింది డబ్బు పోయినందుకు కాదు, "నాన్న దాచింది నా చేతులతో నేనే పాడు చేశాను" అని ఏడ్వడానికి. మీ ఆల్బమ్‌లలో పాత మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లుంటే అవి కూడా మార్పించండి. కాలం గడిచేకొద్దీ అవి నాణెం మీద ఆకుపచ్చటి జిడ్డు వదులుతాయి. ఆ పనికి మేనల్లుడితో పాటు ఒకసారి మీ అమ్మాయిని కూడా కూర్చోబెట్టుకోండి.

వీలునామా లాయర్ చేతే రాయించండి. "నా నాణేలన్నీ ఫలానావారికి" అని ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. బంగారు నాణేలు అందులోకి వస్తాయా, నగల కిందికి వస్తాయా అని తగువు పడటానికి ఆ వాక్యం చాలు. ఆల్బమ్ నంబర్లతో రాయించండి. నాణేలు కొంటూ అమ్ముతూ ఉంటారు కాబట్టి, జాబితా వేరుగా ఉంచుకోవచ్చా, దానికి సంతకం, సాక్షులు కావాలా అని అడగండి. మేనల్లుడు తీసుకోలేని పరిస్థితి వస్తే తర్వాత ఎవరికన్నదీ రాయాలి. బతికుండగానే ఇచ్చేస్తే పన్ను ఒకలా, వీలునామా ద్వారా వెళ్తే మరోలా ఉండొచ్చు, అదీ కనుక్కోండి. బాగా పాత నాణేలు కొన్ని దేశాల్లో పురావస్తువుల లెక్కలోకి వస్తాయి. అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. పిల్లల్లో ఎవరైనా విదేశంలో ఉంటే ఈ మాట ముందే చెప్పి ఉంచాలి.

ఇవన్నీ ఒక్క రోజులో అయ్యేవి కావు. తొందర కూడా లేదు. ముందు మీ ఆవిడతో ఒక్కరితోనే, తర్వాత మీ పిల్లలిద్దర్నీ, మేనల్లుణ్నీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడండి. మేనల్లుడికి ఏం ఇవ్వబోతున్నారో మీ పిల్లలు మీ నోటితో వినాలి, లాయర్ చదివితే వినడం కాదు. అబ్బాయి భుజాలెగరేస్తాడు, అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. పెట్టుకోనివ్వండి.

అన్నట్టు, ఇంకొకటి. ఇంత పెద్ద ఉత్తరంలో ఆ మేనల్లుడు ఏమన్నాడో ఎక్కడా లేదు. అడిగారా? పదేళ్ల వయసు నుంచీ పక్కన కూర్చుంటున్న మనిషికి నాణేలంటే ఇష్టమో, మీ పక్కన కూర్చోవడమే ఇష్టమో తెలియదు కదా. పదకొండు ఆల్బమ్‌ల బాధ్యత మోసే చోటు, తీరిక అతనికి ఉన్నాయో లేదో కనుక్కోండి. వద్దంటే మళ్లీ ఉత్తరం రాయండి, అప్పుడు మ్యూజియంల సంగతి మాట్లాడుకుందాం.